దూరం నుంచి తెరుచుకునే షట్టర్లు

2025 ఏప్రిల్‌లో నార్వేలోని ఒక చిన్న ఆనకట్ట దగ్గర వాల్వు పూర్తిగా తెరుచుకుంది. తెరిచినవాళ్లు అక్కడ లేరు. ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న నియంత్రణ వ్యవస్థలోకి ఎక్కడి నుంచో చొరబడ్డారు. పాస్‌వర్డు బలహీనంగా ఉండడమే వాళ్లకు దారి ఇచ్చి ఉంటుందని తరువాత భావించారు. నాలుగు గంటల పాటు సెకనుకు సుమారు 500 లీటర్ల నీరు కిందికి పోయింది. మన లెక్కలో అది 18 క్యూసెక్కులకు లోపే. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 10 లక్షల క్యూసెక్కులకు. ఆ ప్రవాహంతో ఎవరికీ హాని జరగలేదు. అయినా ఆ ఏడాది వచ్చిన సాంకేతిక వార్తల్లో నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది ఇదే. రాకెట్ల వార్తలు, కృత్రిమ మేధ వార్తలు దీని తరువాతే.

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది పరాయి వార్త కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలలో కలిపి బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. వాటిని దించితే నీరు కాలువల్లోకి మళ్లి పది లక్షల ఎకరాలకు పైగా తడుపుతుంది. ఎత్తితే సముద్రంలోకి పోతుంది. 1847లో కాటన్ మొదలుపెట్టిన ఆనకట్ట 1852కు పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ 1970లో మొదలై 1982కు వచ్చింది. మనకు పుస్తకాల్లో దొరికేవి ఈ తేదీలే. వాటి మధ్య ఏటా వేసవిలో జరిగిన పనికి మాత్రం తేదీ లేదు. రెండో పంట దాళ్వా చేతికి రాగానే కాలువలు కట్టేస్తారు. అప్పుడే పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగేయాలి, లాకుల తలుపులకు మరమ్మతు చేయాలి, షట్టర్లకు గ్రీజు పెట్టాలి. జూన్‌లో నీరు వదిలేలోగా ఆ పని కాకపోతే శివారు చేలకు తడి అందదు. లాకు దగ్గర ఉండే లస్కరుకు ఏ షట్టరు ఎక్కడ పట్టేస్తుందో తెలుసు. ఏ గట్టు నెర్రెలు ఇస్తోందో అతనికే ముందుగా తెలుస్తుంది. లస్కరు పోస్టులు ఖాళీగా ఉంచి, వాటి స్థానంలో సెన్సర్లు పెడతామనే మాట వినిపించినప్పుడల్లా నాకు ఆందోళనగా ఉంటుంది. సెన్సర్లు రావాలి, వాటికి నేను వ్యతిరేకిని కాను. కానీ ఆ సెన్సరు తప్పు చెబుతోందని గుర్తించగల మనిషి గట్టు మీద ఉండాలి.

2013లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో బోమన్ అనే చిన్న ఆనకట్ట వ్యవస్థలోకి ఇరాన్ నుంచి ఒక వ్యక్తి చొరబడ్డాడని 2016లో అమెరికా న్యాయశాఖ అభియోగం మోపింది. నీటిమట్టం ఎంత, గేటు ఏ స్థితిలో ఉంది అనే వివరాలు అతనికి కనిపించాయి. గేటును కదిపే అవకాశం మాత్రం దక్కలేదు. మరమ్మతు కోసం ఆ సమయంలో గేటును కంప్యూటరు నుంచి విడదీసి ఉంచారు.

దూరం నుంచి ఒక యంత్రాన్ని కదపగలగడం గొప్ప సౌకర్యం. దాని గొప్పతనం ఎంతో తెలియాలంటే నాసా అంతరిక్ష నౌక వాయేజర్-1 కథ చూడాలి. గత కొన్నేళ్లలో ఇంతకు మించిన ఇంజనీరింగు పని జరగలేదని నా నమ్మకం.

1977 సెప్టెంబరు 5న బయలుదేరిన ఈ నౌక ఇప్పుడు మనకు 2,500 కోట్ల కిలోమీటర్లకు పైగా అవతల ఉంది. 2023 నవంబరులో అది అర్థం లేని అంకెలు పంపడం మొదలుపెట్టింది. రేడియో సంకేతం వస్తోంది, ఇక్కడి నుంచి పంపే ఆజ్ఞలు చేరుతున్నాయి, కానీ సమాచారాన్ని పొట్లం కట్టి పంపే కంప్యూటరు మాట తడబడింది. నౌకలో ఉన్న మూడు రకాల కంప్యూటర్ల జ్ఞాపకమంతా కలిపినా 70 కిలోబైట్లకు మించదు. మన ఫోనులో తీసే ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు పెద్దది. అంత చిన్న జాగాలో లోపం ఎక్కడుందో, కంటికి కనిపించని యంత్రంలో వెతకాలి. అప్పటి దూరానికి ఒక ప్రశ్న వెళ్లడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మళ్లీ అంతే.

2024 మార్చి మొదట్లో ఇంజనీర్లు ఆ కంప్యూటరును కాస్త కదిలించే ఆజ్ఞ ఒకటి పంపారు. తిరిగి వచ్చిన సంకేతం కొంచెం వేరుగా ఉంది. సుదూర అంతరిక్ష నౌకలతో మాట్లాడే యాంటెనాల విభాగంలో పనిచేసే ఒక ఇంజనీరు దాన్ని విప్పి చూస్తే, అందులో ఆ కంప్యూటరు జ్ఞాపకం మొత్తం నకలు ఉంది. పాడవక ముందరి నకలుతో పక్కపక్కన పెట్టి పోల్చారు. ఒక్క చిప్పు పోయింది, దానితో సుమారు 3 శాతం జ్ఞాపకం చెడింది. అంతరిక్షంలోని వేగవంతమైన కణం ఏదైనా తగిలి ఉండవచ్చు, లేదా 46 ఏళ్ల వాడకానికి అరిగిపోయి ఉండవచ్చు.

చిప్పు మార్చే వీలు లేదు. అందులోని ప్రోగ్రామును వేరే చోటికి తరలించాలి. మొత్తం ఒకే చోట పట్టేంత ఖాళీ ఎక్కడా లేదు. కాబట్టి ముక్కలు చేశారు. మిగిలిన చిన్న చిన్న ఖాళీల్లో సర్దారు. ఒక ముక్క మరో ముక్కను పిలిచే ప్రతి చోటా చిరునామా సరిదిద్దారు. మొదటి భాగాన్ని ఏప్రిల్ 18న పంపి రెండు రోజులు వేచి చూశారు. 20న నౌక తన ఆరోగ్యం గురించి అర్థమయ్యే మాట చెప్పింది. జూన్ మధ్యకు నాలుగు పరికరాలూ శాస్త్ర సమాచారం పంపడం మొదలుపెట్టాయి. ఆ మరుసటి ఏడాది ఇదే బృందం 2004లోనే పోయాయనుకున్న థ్రస్టర్లను, అంటే నౌకను తిప్పే చిన్న ఇంజన్లను, మళ్లీ బతికించింది. వాటిని వెచ్చబెట్టే హీటర్లు పాడవలేదేమో, ఎక్కడో ఒక స్విచ్చి తప్పు వైపు పడి ఉందేమో అని ఇరవై ఏళ్ల నాటి నిర్ధారణను ఎవరో మళ్లీ ప్రశ్నించడం వల్లే ఇది సాధ్యమైంది.

వాయేజర్‌ను ఇలా బాగు చేయగలిగింది, దాని ప్రోగ్రామును దూరం నుంచి మార్చే వీలు 1970లలోనే పెట్టారు కనుక. నార్వే వాల్వును తెరిచినవాళ్లు వాడుకున్నదీ అటువంటి వీలునే. తేడా దాని దగ్గరి కాపలాలో ఉంది. వాయేజర్‌కు ఆజ్ఞ చేరవేయాలంటే 70 మీటర్ల వ్యాసం గల యాంటెనా వంటిది కావాలి, అది ఏ దొంగకూ దొరకదు. నార్వే వాల్వుకు ఒక కంప్యూటరు, కొంత ఓపిక చాలాయి.

ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో 2024 జులై 19న చూశాం. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. తప్పును సంస్థ గంటన్నరలోపే సరిదిద్దింది. కానీ అప్పటికే పడిపోయిన యంత్రం ఆ సవరణను అందుకోలేదు. మనుషులు ఒక్కొక్క కంప్యూటరు దగ్గరికీ వెళ్లి చేత్తో బాగు చేయవలసి వచ్చింది. ముందు కొన్ని వేల యంత్రాలకు పంపి, ఒక పూట ఆగి, తరువాత మిగిలినవాటికి పంపి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు. ఒకే క్షణాన అందరికీ పంపడం దారుణమైన అజాగ్రత్త అని నా అభిప్రాయం.

అదే ఏడాది మార్చిలో జరిగింది ఇంకా భయంకరమైనది, కానీ ఏమీ పగలలేదు కాబట్టి మన పత్రికల్లో పెద్దగా రాలేదు. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైళ్లను కుదించడం దాని పని. లినక్స్ అనే వ్యవస్థతో నడిచే ప్రపంచంలోని ఎన్నో సర్వర్లలో అది అంతర్భాగం. దాన్ని ఏళ్ల తరబడి జీతం లేకుండా, దాదాపు ఒంటరిగా చూసుకుంటూ వచ్చిన వ్యక్తి అలసిపోయాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి సాయం చేయడం మొదలుపెట్టారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేశారు. మరికొన్ని పేర్లతో వచ్చినవాళ్లు, పని నెమ్మదిగా సాగుతోందని, కొత్తవారికి అప్పగించమని ఒత్తిడి తెచ్చారు. చివరికి తాళాలు ఆ కొత్త మనిషి చేతికి వచ్చాయి. 2024 ఫిబ్రవరి, మార్చిలలో విడుదలైన కూర్పుల్లో ఒక దొంగదారి చేరింది. అది వ్యాపించి ఉంటే, దాని రహస్య తాళం ఉన్నవాళ్లు ప్రపంచంలోని అసంఖ్యాక సర్వర్లలోకి నేరుగా నడిచి వెళ్లగలిగేవారు.

దాన్ని పట్టుకున్నది ఏ నిఘా సంస్థో కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన డేటాబేస్ పని వేగం కొలుచుకుంటున్నాడు. సర్వరులోకి ప్రవేశించడానికి పట్టే సమయం అర సెకను ఎక్కువైందని గమనించాడు. ఎందుకని తవ్వుకుంటూ పోయాడు. మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికి అది ఎక్కువ మంది వాడే స్థిరమైన లినక్స్ కూర్పుల్లోకి చేరలేదు.

అర సెకను ఆలస్యాన్ని పట్టించుకున్న ఆ మనిషిని తలుచుకున్నప్పుడు నాకు కృతజ్ఞత కలుగుతుంది. ఆ సాఫ్ట్‌వేరును వాడుకుని కోట్లు గడించిన కంపెనీల మీద కోపం వస్తుంది. అలసిపోయిన ఆ ఒక్కడికి వాళ్లలో ఏ ఒక్కరైనా జీతం ఇచ్చి, తోడుగా మరొకరిని పెట్టి ఉంటే ఆ అపరిచితుడికి చోటు ఉండేది కాదు. కాలువల నిర్వహణకు నిధులు అడిగినప్పుడు వచ్చే సమాధానం కూడా మనకు తెలిసిందే: నీరు పారుతూనే ఉంది కదా, తొందరేముంది?

నిర్వహణను పట్టించుకోని ఈ లోపం మన అంతరిక్ష వార్తల్లోనూ ఉంది. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగం జరిగింది. పత్రికలు పండుగ చేశాయి, చేయవలసిందే. అది తీసుకెళ్లిన ఎన్‌వీఎస్-02 మాత్రం, జీపీఎస్ లాగా మనం ఎక్కడున్నామో చెప్పే మన దేశపు నావిక్ వ్యవస్థలోని ఉపగ్రహం, అనుకున్న కక్ష్యకు చేరలేదు. కక్ష్యను పెంచే ఇంజనులోకి, ఇంధనం మండడానికి కావలసిన ఆక్సీకారిణిని వదిలే వాల్వులు తెరుచుకోలేదని ఇస్రో కొద్ది రోజులకే ప్రకటించింది. నూరవ ప్రయోగం గుర్తున్నవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి గుర్తుంది?

అంతర్వేది నుంచి వేటకు వెళ్లే బోటుకు ఇది చిన్న సంగతి కాదు. నావిక్ పనిచేసేది గడియారాల మీద. నాలుగు ఉపగ్రహాల నుంచి వచ్చిన సంకేతాలు ఎంత సమయంలో చేరాయో కొలిచి, బోటు ఎక్కడుందో లెక్క కడతారు. కాంతి సెకనులో పది లక్షవ వంతు కాలంలో 300 మీటర్లు పోతుంది. గడియారం అంతమాత్రం తప్పినా బోటు స్థానం అంత పక్కకు జరుగుతుంది. 2013లో వెళ్లిన మొదటి నావిక్ ఉపగ్రహంలో మూడు రుబీడియం అణు గడియారాలూ చెడిపోయాయి. దిగుమతి చేసుకున్నవి అవి. 2023 మేలో వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన అణు గడియారం ఉంది. నా దృష్టిలో అది నూరవ ప్రయోగం కంటే పెద్ద వార్త. చెడిపోయే వస్తువును సొంతంగా చేసుకోగలిగితే దాన్ని మార్చుకోవడమూ మన చేతిలో ఉంటుంది.

మార్చుకోలేనిది ఒకటి మన చేతికే ఉంది, అది వేలిముద్ర. పాస్‌వర్డు బయటపడితే కొత్తది పెట్టుకుంటాం. భూమి పత్రాల మీద వేసిన వేలిముద్రలను తీసి సిలికాన్‌తో నకిలీ వేళ్లు చేసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు మన రాష్ట్రాల్లో పట్టుబడ్డాయి. ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేసుకునే ఏర్పాటు ఉచితంగానే ఉంది. అవసరమైనప్పుడు తీసి, పని కాగానే మళ్లీ వేసుకోవచ్చు. ఊరిలో వృద్ధులకు ఇది చేసిపెట్టడం పిల్లల బాధ్యత.

ఇక భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే గంటల్లో రొయ్యలన్నీ చచ్చిపోతాయి. వాటి మోటార్లను ఇంటి నుంచే నడిపే సిమ్ కార్డు స్టార్టర్లు, గట్ల మీద కెమెరాలు ఇప్పుడు మామూలైపోయాయి. ఆ పెట్టె ఎవరి ఆజ్ఞ వింటుంది, ఫోను చేసిన నంబరు చూసి మాత్రమే నమ్ముతుందా, అని అమ్మేవాళ్లను అడగాలి. నంబరును నకిలీ చేయడం అసాధ్యమేమీ కాదు. కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో భద్రతా పరీక్ష తప్పనిసరి అయింది. స్టార్టర్లకూ అది రావాలి.

ఫోన్ల విషయంలో యూరప్ ఒక మంచి పని చేసింది. ఒక నమూనా అమ్మకం ఆపిన తరువాత కూడా కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ సవరణలు ఇవ్వాలని 2025 జూన్ నుంచి నిబంధన పెట్టింది. మాత్రల అట్ట మీద గడువు వేసినట్టు, ఇక్కడ అమ్మే ప్రతి ఫోను పెట్టె మీదా భద్రతా సవరణలు ఎప్పటిదాకా వస్తాయో ముద్రించాలి. ఆ నిబంధన వచ్చేదాకా, ఫోను సెట్టింగులలో చివరి భద్రతా సవరణ ఏ తేదీదో చూసుకోమని మా బంధువులకు చెబుతున్నాను. అది ఏడాది దాటి ఉంటే ఆ ఫోనులో బ్యాంకు ఖాతా ఉంచవద్దని, చెరువు మోటారు దానితో నడపవద్దని కూడా చెబుతున్నాను.