చిగురొచ్చింది, వేరు రాలేదు: బొకే గులాబీ కొమ్మలపై అపోహలు - వాస్తవాలు

మాఘమాసం పెళ్ళిళ్ళు, ఫిబ్రవరి 14 ఒకదాని వెనక ఒకటి అయిపోగానే మా నర్సరీకి ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అంకుల్, బొకేలో గులాబీ కొమ్మ గుచ్చానండి, చిగురొచ్చేసిందండి!" అని ఒక ఫోను. పది రోజులు తిరక్కుండా అదే నంబరు నుంచి ఇంకోటి. "మాడిపోయిందండి. ఏం మందు కొట్టమంటారు?" కడియంలో ఇరవై ఏళ్ళ పైనుంచి మొక్కల మీదే బతుకుతున్నాను. ఈ రెండో ఫోను ఎన్నిసార్లు ఎత్తానో లెక్కలేదు. దానికి మందు లేదు. ఎందుకు లేదో ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గిపోయి ఇలా రాస్తున్నాను.

అపోహ: చిగురు వచ్చిందంటే వేరు వచ్చినట్టే

రాలేదు. యూట్యూబ్ వీడియోల్లో ఎవరు వచ్చిందన్నా రాలేదు.

పెన్సిలు లావు గులాబీ కొమ్మలో పిండిపదార్థం కొంత నిల్వ ఉంటుంది. పైన పువ్వు కోసేయగానే కింది కణుపుల్లో పడుకుని ఉన్న కళ్ళకు, అంటే చిగురేసే మొగ్గలకు, అడ్డు తొలగిపోతుంది. ఆ నిల్వ తినేసి పది, పదిహేను రోజుల్లో చిగురేస్తాయి. ఈ పనికి వేరుతో అవసరమే లేదు. నమ్మకం కుదరకపోతే ఒక కొమ్మని గ్లాసు నీళ్ళలో పెట్టి చూడండి, అక్కడా చిగురేస్తుంది. ఆ ఎర్రటి లేత ఆకుని చూసి మీరు ఫొటోలు తీసుకుంటున్న రోజున మట్టి లోపల, అంతా సవ్యంగా ఉంటే, కోసిన చోట జొన్నగింజంత తెల్లటి గడ్డ మాత్రం కట్టి ఉంటుంది. గాయం మానుతూ పెరిగిన కండ అది. మేం కాలస్ అంటాం. కాలస్ కట్టినవన్నీ వేరు వేస్తాయన్న భరోసా కూడా లేదు. వేసేవాటికి మా గోదావరి గాలిలో, మంచి కాలంలో, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బొకే కొమ్మయితే ఇంకో రెండు వారాలు కలుపుకోండి.

అసలు నష్టమంతా ఈ మధ్య రోజుల్లోనే. చిగురు కనిపించగానే, తేమ ఆరకుండా కొమ్మ పైన కప్పిన ప్లాస్టిక్ కవరు తీసేస్తారు. "ఎండ తగలకపోతే ఎలా" అని డాబా మీదికి ఎక్కిస్తారు. బలానికి ఉంటుందని చిటికెడు డీఏపీ వేస్తారు. ఏమైనా ఉందా? కొమ్మకి నీళ్ళు తాగడానికి ఇంకా నోరే రాలేదు. పైన లేత ఆకుల్లోంచి మాత్రం నీరు ఆవిరైపోతూనే ఉంది. కవరు లోపలున్న తేమ ఒక్కటే దాన్ని నిలబెడుతోంది. పొద్దున అది తీసేస్తే సాయంత్రానికి తల వాల్చేస్తుంది. ఎరువులోని ఉప్పు కోసిన మొదలుని కాల్చి నల్లగా చేస్తుంది. ఏమీ చేయకుండా ఇంకో నెలా నెలన్నర ఊరుకుంటే వాటిలో కొన్నైనా దక్కేవి. పెంపకం తెలియక చంపుకున్నవాళ్ళ కంటే సంతోషం పట్టలేక చంపుకున్నవాళ్ళనే ఎక్కువ చూశాను.

ఇక పీకి చూడటం. ఈ పని చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏడో తరగతి దసరా సెలవుల్లో నాన్న రెండు వందల కవర్లలో నాటు గులాబీ కటింగులు పెట్టించి, నీళ్ళు పట్టే పని నాకు అప్పజెప్పారు. నాకేమో వేరు ఎప్పుడొస్తుందా అని ఆత్రం. రోజుకో వరస పీకి, కొస చూసి, మళ్ళీ గుచ్చేసేవాణ్ణి. ఆ తెల్ల గడ్డని గోటితో గీకితే మైనంలా ఊడొచ్చేది, అదో సరదా. దీపావళికి పచ్చగా మిగిలింది ఒక్క వరస, గోడవార నా చెయ్యి అందని వరస. నాన్న ఒక్క మాట అనలేదు. చచ్చిన కవర్లన్నీ నాతోనే గుమ్మరించి, ఆ మట్టి నాతోనే జల్లించి, మళ్ళీ నాతోనే నింపించారు.

మరి వేరు వచ్చిందని ఎలా తెలియాలి? పెళ్ళిళ్ళలో కూల్‌డ్రింకు పోసి ఇచ్చే పారదర్శక ప్లాస్టిక్ గ్లాసు తీసుకోండి. కాల్చిన మేకుతో అడుగున నాలుగు చిల్లులు పెట్టండి. తడిపి గట్టిగా పిండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం, కడిగిన ఇసుక సగం కలిపి నింపండి. కొమ్మ గుచ్చి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి, గ్లాసు చుట్టూ నల్ల కవరో పాత పేపరో చుట్టేయండి, వేర్లకి వెలుతురు గిట్టదు. వారానికోసారి ఆ చుట్టు విప్పి చూడండి, కొమ్మని ముట్టుకోవద్దు. సేమియా పోగులాంటి తెల్లటి తీగ గ్లాసు గోడకి అంటుకుని కనిపిస్తే అదీ వేరు. ఒక్కటి చూసి ఎగిరి గంతేయకండి. మూడో నాలుగో కనిపించి, వాటిలో పాతవి కాస్త గోధుమరంగుకి తిరిగాక అప్పుడు కదపండి.

గ్లాసు దొరక్కపోతే ఇంకో గుర్తుంది. మొదటి చిగురు విచ్చుకుని అక్కడితో ఆగిపోతుంది. కొన్ని వారాలు మొరాయిస్తుంది. ఆ తర్వాత మళ్ళీ కొత్త చిగురు తోసిందనుకోండి, అప్పుడు వేరు పడినట్టు. మొదటిది కొమ్మ దాచుకున్న సొమ్ము, రెండోది దాని సంపాదన.

అపోహ: పెళ్ళి బొకే కొమ్మ ఎండిపోతే మంచిది కాదు

ఇది అపోహల లెక్కలో వేయాల్సి వస్తుందని నేనూ అనుకోలేదు. మొన్న మాఘంలో పెళ్ళయిన ఒక అమ్మాయి కాకినాడ నుంచి ఫోన్ చేసింది. రిసెప్షన్ బొకేలోంచి ఆరు కొమ్మలు పెట్టిందట. ఆరూ చిగురేశాయి, ఆరూ నల్లబడ్డాయి. ఇంట్లో పెద్దావిడ ఎవరో "శుభమా అని పెట్టుకున్నది అలా అయిందేమిటే" అన్నారట. ఈ పిల్లకి నిద్ర పట్టడం లేదు. "అచ్చం అలాంటి కొమ్మలే ఆరు మీ దగ్గర దొరుకుతాయా అంకుల్, మార్చేస్తాను" అని గుసగుసగా అడుగుతోంది. "అమ్మా, ఆ బొకే కట్టినవాళ్ళ కొట్టులో బకెట్టు పక్కన రోజూ అలాంటివి ఓ యాభై ఎండుతుంటాయి. అవన్నీ ఎవరి కాపురాలంటావు?" అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు, తర్వాత నవ్వు. ఆ కొమ్మలు చావడానికి కారణం ఒక్క ముక్కలో చెప్పాను: రిసెప్షన్ అయిన తొమ్మిదో రోజున, రేకులన్నీ రాలాక పెట్టింది.

అపోహ: గులాబీ గులాబీయే, ఏ కొమ్మ పెట్టినా వస్తుంది

నాటు గులాబీ, పన్నీరు గులాబీ కొమ్మలు పది పెడితే ఆరేడు వస్తాయి. బొకే గులాబీ పదికి ఒకటో రెండో వస్తే ఆ ఏడు నా చెయ్యి మంచిదనుకుంటాను. మన ఊళ్ళలో బొకేల్లో కట్టేవి చాలావరకు హోసూరు, బెంగళూరు వైపు పాలీహౌసుల్లో (ప్లాస్టిక్ పరదా కప్పిన పందిళ్ళలో) పెరిగిన పొడుగు కాడ రకాలు. మనం డచ్ రోజ్ అంటాం. అక్కడ మొక్కలు అంటు కట్టినవి, వేరు ఇంకో మొరటు గులాబీది. పై కొమ్మని పూల కోసం ఎంచారు కానీ సొంతంగా వేరేసే గుణం కోసం కాదు. పైగా కోసిన దగ్గర్నుంచి కోల్డ్ స్టోరేజీ, లారీ, కొట్లో బకెట్టు దాటుకుని మీ చేతికి వచ్చేసరికి కొమ్మ సగం నీరసపడి ఉంటుంది. ఆ మీదట మీరు ఇంకో వారం పువ్వుని చూసుకుంటారు. ఆ వారం పువ్వు బతికింది కొమ్మలోని నిల్వ మీదే.

అందుకే మొక్క కావాలనుకుంటే పువ్వు మీద ఆశ వదులుకోవాలి. బొకే ఇంటికి వచ్చిన రోజే విప్పండి. పచ్చ స్పాంజిలో గుచ్చినవి, వైరు చుట్టినవి పక్కన పెట్టేయండి. పువ్వు కింద జానెడు మెత్తటి భాగం వద్దు. దాని కిందది, ముల్లుని బొటనవేలితో పక్కకి నెడితే టక్కున ఊడేలా ఉన్న భాగం తీసుకోండి. మూడు నాలుగు కణుపులుండాలి. కింద కణుపుకి దగ్గరగా ఏటవాలు కోత, పైన తిన్నని కోత. ఇలా ఎందుకంటే తలకిందులుగా గుచ్చేవాళ్ళు మీరనుకున్నంత తక్కువేమీ కాదు.

ఆకులన్నీ దూసేయమని చెబుతారు. వద్దు. గులాబీ కటింగు వేరేయడానికి పై ఆకు వండిపెట్టే తిండి చాలా అవసరం. కిందివి తీసి పైన ఒకటి ఉంచండి, మరీ పెద్దదైతే సగానికి కత్తిరించండి. కొట్టువాళ్ళు ఆకులన్నీ ముందే దూసేసి ఉంటే మన ఖర్మ.

కాలం సంగతి. మాకు వానలు నిలదొక్కుకున్నాక మొదలుపెట్టి సంక్రాంతి దాకా మంచి రోజులు. ఫిబ్రవరి 14 బొకేకి వేరు రావాల్సిన వేళకి ఏప్రిల్ ముంచుకొస్తుంది. నీడలో, కవరు కింద ప్రయత్నించవచ్చు, ఆశ మాత్రం తగ్గించుకోండి. మే నెలలో దయచేసి నాకు ఫోన్ చేయకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

బంగాళాదుంపలో గుచ్చడం: దుంప కుళ్ళుతుంది, కొమ్మనీ కుళ్ళబెడుతుంది. మా వీధిలో ఒకావిడకి కుళ్ళలేదు, మొలిచింది. గులాబీ రాలేదు కానీ వేపుడుకి నాలుగు దుంపలొచ్చాయి.

తేనె, దాల్చిన చెక్క, పసుపు, కలబంద: కోత దగ్గర బూజుని కాస్త ఆపితే ఆపుతాయేమో. వేరు పుట్టించే మందు ఐబీఏ, ఎరువుల కొట్లో రూటింగ్ హార్మోన్ పొడి అంటే ఇస్తారు. తడి కొసని అద్ది, గిన్నె అంచున తట్టి ఎక్కువైంది రాల్చేయాలి. ఎక్కువ అద్దితే ఎక్కువ వేర్లు రావు, కొస మాడుతుంది.

నీలం గులాబీ: కొట్లో కనిపించేది రంగునీళ్ళు తాగించిన తెల్ల గులాబీ. పెంచితే తెల్లగానే పూస్తుంది. గులాబీలో నీలాన్నిచ్చే డెల్ఫినిడిన్ అనే రంగుపదార్థం సహజంగా తయారుకాదు. జపాన్‌లో సంటోరీ కంపెనీ జన్యుమార్పిడి చేసి 2009లో అమ్మకానికి పెట్టిన "నీలం" గులాబీ కూడా చూడ్డానికి లేత ఊదారంగే. ఇక ఆన్‌లైన్లో ఏడు రంగుల గులాబీ విత్తనాలు కొన్నవాళ్ళతో నేను మాట్లాడలేను.

అంటు కట్టకపోతే పూయదు: పూస్తుంది. రంగూ అదే వస్తుంది. బొకేలో చూసిన గజం కాడ, గుప్పెడు పువ్వు మాత్రం రావు. అది పాలీహౌసులో పక్క మొగ్గలన్నీ గిల్లేసి, ఒక్క పువ్వుకే బలమంతా పెట్టి సాధించినది. మీ బాల్కనీలో జానెడు కాడ మీద చిన్న పువ్వు పూస్తుంది, ఆకుమచ్చ కూడా తొందరగా పడుతుంది.

రాలిన బొకే రేకులతో గుల్కందు చేయొచ్చా అని ఒకాయన అడిగారు. వద్దండి. తినే పంటలా కాదు, వాటికి కొట్టే మందులు వేరు.

గ్లాసులో వేర్లు నిండాయనుకోండి. కొమ్మ పైన కప్పిన కవరు ఒక్కసారిగా తీయకండి. రోజుకో చిల్లు పెంచుతూ వారం రోజులకి పూర్తిగా తీయండి. ఎనిమిది అంగుళాల కుండీలోకి, వేరు చుట్టూ ఉన్న కోకోపీట్ ముద్ద చెదరకుండా మార్చండి. రెండు వారాలు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటెండలోకి జరపండి. ఎరువు ఆ తర్వాతే, అదీ కాస్త వర్మీకంపోస్టు చాలు.

అప్పుడు తొలి మొగ్గ తొడుగుతుంది. అది శనగగింజంత ఉండగానే తుంచేయాలి. అప్పుడే బలం వేరుకీ కొమ్మకీ వెళ్తుంది. ఈ ఒక్క మాట విన్నవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. కాకినాడ అమ్మాయి అయితే ఈసారి కార్తీకంలో పెట్టి రెండు దక్కించుకుంది, మొగ్గ తుంచమ్మా అని మెసేజ్ పెట్టాను. నాలుగు రోజులాగి విచ్చుకున్న పువ్వు ఫొటో పంపించింది.