రేకు డబ్బాలోకి సిగ్నల్ ఎలా దూరుతుంది?

మా బావమరిది నిరుడు ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాడు. సీట్లు పీకించి మంచం, గ్యాసు పొయ్యి, సింకు పెట్టించి దానికి కారవాన్ అని పేరు పెట్టుకున్నాడు. హైదరాబాదులో ఆ మాటంటే చాలామందికి షూటింగు దగ్గర హీరో కూర్చునే ఏసీ బండి గుర్తొస్తుంది. పాతబస్తీ వాళ్లకైతే పురానాపూల్ అవతలి కార్వాన్ గుర్తొస్తుంది, ఒకప్పుడు గోల్కొండకు వచ్చే వర్తకుల బిడారులు దిగిన పేట అది. మావాడి బండి ఈ రెండింటికీ చెందదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అవగానే బయల్దేరి, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఆగి, సోమవారం పొద్దున మీటింగు బండిలోనే కూర్చుని ముగించుకుని రావాలన్నది వాడి ప్లాను.

మొదటి సోమవారమే బెడిసికొట్టింది. బండి బయట నిలబడితే ఫోనులో మూడు గీతలు. లోపల లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఒక్కటి, అదీ ఉండీ లేనట్టు. వాడు బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు: "బావా, ఇక్కడి నుంచి రాగానే సిగ్నల్ పెంచే బూస్టర్ ఒకటి కొంటా. షాపాయన ఐదు గీతలు గ్యారంటీ అంటున్నాడు." కొనకురా అన్నాను. ఎందుకని అడిగాడు. ఫోనులో చెప్పేంత చిన్న సమాధానం కాదది.

ముందు ఆ గీతల సంగతి. మూడు గీతలంటే ఇంత అని అన్ని ఫోన్లూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు, ఏ ఫోను తయారీదారు లెక్క వాళ్లది. అసలు కొలత డీబీఎం. ఆండ్రాయిడ్ ఫోనుల్లో సాధారణంగా సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ దగ్గర కనిపిస్తుంది. ఐఫోనులో *3001#12345#* కొట్టి కాల్ నొక్కితే వచ్చే మెనూలో ఉంటుంది. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. ఫోనుకు అందేది అంతకంటే ఎంతో తక్కువ కాబట్టి అంకె ముందు మైనస్ తప్పదు. దాన్ని అప్పులా చదువుకుంటే సులువు: 115 బాకీ ఉన్నవాడికంటే 85 బాకీ ఉన్నవాడు నయం. 4జీలో మైనస్ 85 అయితే హాయి. మైనస్ 100 దగ్గర పని నడుస్తుంది. మైనస్ 115 దాటిందంటే ఇక దేవుడి దయ. అంకె 3 తగ్గితే శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతవుతుంది. మైనస్ 90 అంటే ఒక వాట్‌లో లక్ష కోట్ల వంతు! అంత పిసరంత శక్తిలోంచి వీడియోలు ఏరుకుంటున్న యంత్రాన్ని మనం "దిక్కుమాలిన ఫోను" అని తిడుతుంటాం.

సోమశిలలో మావాడు కొలిచి చెప్పిన అంకెలు: బయట మైనస్ 97, లోపల మైనస్ 109. తేడా 12 డెసిబెల్లు (డీబీఎం అంకెల మధ్య తేడాను అలా అంటారు). అంటే పదహారో వంతు. పాతకాలం లెక్కలో చెప్పాలంటే తలుపు దాకా వచ్చిన రూపాయిలో ఒక్క అణానే లోపలికి వస్తోంది. మిగిలిన పదిహేను అణాలూ బండి రేకు దగ్గరే ఆగిపోతున్నాయి.

ఇందులో వింతేమీ లేదు. లోహపు పెట్టె లోపలికి విద్యుత్ ప్రభావం చేరదని మైకేల్ ఫారడే 1836లోనే గది అంత పెట్టె కట్టి, తానే లోపల కూర్చుని చూపించాడు. రేడియో తరంగం రేకును తాకగానే అందులోని ఎలక్ట్రాన్లు కదిలి తరంగాన్ని వెనక్కి తిప్పేస్తాయి. ఇక దారి కిటికీలే. తరంగం ఎంత పొడవుందో, కన్నం ఎంత ఉందో చూడాలి. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు జాలీకి ఉన్న కన్నాలు మిల్లీమీటర్లలో ఉంటాయి, లోపలి తరంగం పొడవు 12 సెంటీమీటర్లు. అందుకే అన్నం వేడెక్కుతుంది, మనం వేడెక్కం. బండి కిటికీ మాత్రం అడుగున్నర, రెండడుగులు ఉంటుంది. మొబైల్ ఫోన్లు వాడే 1800 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 17 సెంటీమీటర్లు, 700ది 43. రెండూ పడతాయి. అద్దానికి లోహపు పూత ఉన్న ఎండ ఫిల్మ్ అతికిస్తే ఆ దారీ సగం మూసుకున్నట్టే.

కిటికీలోంచి వచ్చిన తరంగం లోపల ఊరుకోదు. ఎదుటి రేకుకు కొట్టుకుని తిరిగొచ్చి, వచ్చే తరంగంతో కలుస్తుంది. కొన్నిచోట్ల రెండూ కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ బలమైన చోట్ల మధ్య దూరం దాదాపు సగం తరంగం. 1800లో బెత్తెడు, 700లో జానెడు. మంచి చోటుకూ చచ్చిన చోటుకూ మధ్య అందులో సగమే. అందుకని హాట్‌స్పాట్ ఫోనును బల్లమీద ఎక్కడో పడేయకుండా, టవర్ వైపు కిటికీ దగ్గర పెట్టి, రెండు వేళ్లు, నాలుగు వేళ్ల మేర జరుపుతూ ప్రతిసారీ అంకె చూడాలి. పైసా ఖర్చు లేదు. మావాడు ఆ ఫోనును అప్పడాలు ఆరబెట్టినట్టు కిటికీ గట్టుమీద ఇటూ అటూ జరిపి 7 డెసిబెల్లు సంపాదించాడు. మీటింగు ఆ రోజుకు గట్టెక్కింది.

శాశ్వతంగా బాగుపడాలంటే మాత్రం యాంటెన్నా ఈ రేకు పెట్టెలోంచి బయటికి పోవాలి. బయట యాంటెన్నా తగిలించుకునే సాకెట్లున్న 4జీ రౌటర్లు దొరుకుతాయి. సిమ్ అందులో వేసి, యాంటెన్నాను బండి పైకప్పుమీద బిగించాలి. ఇక్కడొక తమాషా ఉంది. ఇంతసేపూ శత్రువైన రేకు ఇప్పుడు చుట్టమవుతుంది. నిలువు కడ్డీ యాంటెన్నా పొడవు తరంగంలో పావు వంతుంటే చాలు, 900 మెగాహెర్ట్జ్‌కు 8 సెంటీమీటర్ల పైచిలుకు. యాంటెన్నాలో మిగతా సగాన్ని కింద ఉన్న లోహపు పలక అద్దంలా పూరిస్తుంది. పైకప్పు రేకు ఆ అద్దం. బండి పైభాగం ఫైబర్‌తో చేసిందైతే ఈ అద్దం ఉండదు, అలాంటి బండికి అద్దం అక్కర్లేని రకం యాంటెన్నా అడిగి తెచ్చుకోవాలి. కాకపోతే ఫైబర్ బండిలోకి సిగ్నల్ మామూలుగానే బాగా దూరుతుంది.

చాలామంది తప్పు చేసేది తీగ దగ్గర. కోఠి గుజరాతీ గల్లీలో తీగ మీటర్ల లెక్కన అమ్ముతారు కదా అని పది మీటర్లు తెచ్చి చుట్టలు చుట్టి పెడతారు. సన్నటి ఆర్‌జీ-58 తీగ 1800 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు ముప్పాతిక డెసిబెల్‌కు పైనే మింగుతుంది. పది మీటర్లంటే సుమారు 8 డెసిబెల్లు, యాంటెన్నా పట్టినదాంట్లో ఆరో వంతు మాత్రమే రౌటరుకు చేరుతుంది. పెద్ద యాంటెన్నాకు పోసిన డబ్బంతా తీగ వేడెక్కడానికే. తీగ పొట్టిగా ఉండాలంటే రౌటర్ యాంటెన్నా దగ్గరే ఉండాలి. అలాగని దాన్నే పైకప్పు మీద పెడదామంటే, మే నెలలో మన ఎండకు ఆ రేకు మీద చేయి ఆనించలేం, రౌటర్ ఉడికిపోతుంది. మేం చేసిన రాజీ: యాంటెన్నా పైన, దాని సరిగ్గా కింద లోపలి అలమరాలో రౌటర్, మధ్యలో మీటరున్నర తీగ. రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు వైఫై. పెట్టె లోపలే కాబట్టి దానికి రేకు అడ్డం కాదు.

యాంటెన్నా ఎక్కువ "గెయిన్" ఉన్నదైతే శక్తిని పుట్టిస్తుందనుకోవడం మరో పొరపాటు. సరిగా వినపడని పెద్దాయన చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుంటాడు చూడండి, అదే గెయిన్. ఒకవైపుది ఎక్కువ వింటాడు, మిగతా వైపులది వదులుకుంటాడు. ఈ పనిని చివరంటా తీసుకెళ్తే ఏమవుతుందో చూపించినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. బెంగళూరు దగ్గర బ్యాలాలులో చంద్రయాన్-1 కోసం నిలబెట్టిన 32 మీటర్ల డిష్‌ను తయారు చేసింది హైదరాబాదులోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరంలోని నౌక గుసగుసను అది పట్టుకుంది. అక్కడ నౌక గొంతు పెంచలేదు, మనమే చెవి పెంచాం.

బండికి పనికొచ్చే చెవి యాగీ యాంటెన్నా. జపాన్‌లో సెండాయ్‌లోని తొహొకు విశ్వవిద్యాలయంలో 1926 ప్రాంతంలో షింతారో ఉదా, హిదెత్సుగు యాగీ రూపొందించిన ఈ అల్యూమినియం నిచ్చెన ఒకప్పుడు మన ప్రతి డాబా మీదా ఉండేది. పైన ఒకరు గొట్టం తిప్పుతుంటే కింద ఒకరు "వచ్చింది, వచ్చింది... అయ్యో పోయింది" అని కేకలేసేవారు. దూరదర్శన్ కేంద్రం ఉన్న రామంతాపూర్ వైపు తిప్పమని పక్కింటాయన సలహా. ఆ తిప్పుడే ఇప్పుడు మళ్లీ చేయాలి, కేక బదులు డీబీఎం చూస్తూ. దిశ కుదిరితే చుట్టూ వినే కడ్డీకంటే బాగా ఎక్కువ పట్టుకుంటుంది. కాని బండి కదిలిన ప్రతిసారీ తిప్పుకోవాలి. రోజుకో ఊరు మారేవాళ్లకు కడ్డీయే సుఖం. ఒకేచోట మూడు రోజులుండేవాళ్లకు యాగీ.

ఎత్తు సంగతి ఇంతకన్నా ముఖ్యం, దీన్నెవరూ పట్టించుకోరు. టవర్ కంటికి కనిపిస్తే చాలదు. టవర్‌కూ మనకూ మధ్య తరంగం సన్నటి గీతలా రాదు, మధ్యలో లావెక్కి దొండకాయ ఆకారంలో వస్తుంది. మూడు కిలోమీటర్ల దూరం, 900 మెగాహెర్ట్జ్ అనుకుంటే ఆ దొండకాయ నడుము దగ్గర వ్యాసార్ధం సుమారు 16 మీటర్లు. చెట్ల తలలు, గుట్ట అంచు, మన దక్కన్ బండరాళ్లు అందులోకి పొడుచుకొస్తే ఆ మేరకు నష్టం. నీటి ఒడ్డున ఇంకో చిక్కు: నీటి మీద పడి వచ్చే తరంగం తలకిందులై వస్తుంది. తక్కువ ఎత్తులో ఉన్న యాంటెన్నా దగ్గర అది, నేరుగా వచ్చే తరంగం రెండూ దాదాపు కొట్టేసుకుంటాయి. అలాంటిచోట యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే అందే శక్తి నాలుగు రెట్లవుతుంది. సోమశిలలో మావాడు ముచ్చటపడి బండిని ఒడ్డుకు ఆనించి ఆపాడు. మరుసటిసారి వంద గజాలు వెనక్కి, కాస్త మెరక మీద ఆపించాను. బండిలో ఏమీ మార్చకుండానే 6 డెసిబెల్లు వచ్చాయి. నీళ్లలో కాళ్లు పెట్టుకోవాలంటే నడవాల్సి వచ్చిందని మా చెల్లెలు మాత్రం సణిగింది.

ఇప్పుడు బూస్టర్. సంభాషణ రెండువైపులా సాగాలి కదా. టవర్ పదుల వాట్లతో మాట్లాడుతుంది. 4జీ ఫోను గొంతు చించుకున్నా 0.2 వాట్ దాటదు. గీతలు చూపించేది టవర్ గొంతు మనకెంత వినపడుతోందో మాత్రమే, మన గొంతు దానికి వినపడుతోందా అన్నది చూపించవు. గీతలు రెండున్నా వాట్సాప్ సందేశం గడియారం బొమ్మ దగ్గరే ఆగిపోవడం అందుకే. మంచి యాంటెన్నా వినడంలోనూ మాట్లాడడంలోనూ సమానంగా సాయపడుతుంది. బూస్టర్ అలా కాదు, వచ్చిందాన్నల్లా పెంచి మళ్లీ ప్రసారం చేసే యంత్రం. దాని లోపలి యాంటెన్నా కూత బయటి యాంటెన్నాకు వినపడిందంటే, పెళ్లిపందిట్లో మైకు స్పీకరు ముందుకు వెళ్లినప్పుడు వచ్చే కీచు ఉంటుందే, అదే మొదలవుతుంది. మన చెవికి వినపడదు, టవర్‌కు వినపడుతుంది. ఊరందరి ఫోన్లూ ఇబ్బంది పడతాయి. అమెరికాలో 2013లో నియమాలు మార్చి, ఇలా కూయకుండా తనంతట తాను తగ్గిపోయే బూస్టర్లను మాత్రం మామూలు జనానికి అనుమతించారు. యూట్యూబ్‌లో అక్కడి కారవాన్ల వాళ్లు చూపించేవి అవే. మన దేశంలో ఈ బూస్టర్‌ను, అంటే మొబైల్ సిగ్నల్ రిపీటర్‌ను, లైసెన్సు ఉన్న టెలికాం సంస్థ తప్ప ఇంకెవరూ పెట్టకూడదు. షాపులో బహిరంగంగా దొరుకుతోంది కదా అంటే, దొరికినంత మాత్రాన చట్టం మారదు.

అంకె బాగున్నా నెట్ కదలకపోతే యాంటెన్నాను తిట్టకండి. ఆదివారం వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో ఇదే జరుగుతుంది. ఉన్న టవర్ అదే, దాని మీద పడిన జనం నగరం సగం. తెల్లవారుజామున పని ముగించుకోవడమో, వేరే నెట్‌వర్క్ సిమ్ వేసుకోవడమో తప్ప మార్గం లేదు. నన్నడిగితే రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లే ఈ వ్యవహారంలో అన్నిటికన్నా చవకైన పరికరం. మారుమూల చోట్ల ఫోనును 5జీ వెతుక్కోనీయకుండా 4జీకి కట్టేయడం కూడా మంచిదే. 3,300 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు వేగం బాగా ఇస్తాయి గాని చెట్లను దాటలేక చతికిలబడతాయి, ముఖ్యంగా వానకు తడిసిన ఆకులను.

శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక కొన్నిచోట్ల ఇవేవీ పనిచేయవు. బావిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది. మ్యాపులు ముందే దించుకోవాలి, ఇంట్లో ఓ మాట చెప్పి బయల్దేరాలి.

బిగించాక చూసుకోవాల్సినవి రెండే. తీగ లోపలికి దూరే చోట దాన్ని కాస్త కిందికి వేలాడేలా వంచి, ఆ తరువాత పైకి తిప్పి కన్నంలోకి పంపాలి, వాన నీరు ఆ వంపు దగ్గరే జారి కిందపడుతుంది. జాయింటులోకి చుక్క నీరు చేరినా సిగ్నల్ పడిపోతుంది. రెండోది, బండి ఎత్తు ఇప్పుడు పెరిగిందన్న సంగతి గుర్తుండాలి. మావాడు మొదటి యాంటెన్నాను వారం తిరక్కుండానే ఒక చింతకొమ్మకు సమర్పించుకున్నాడు. రెండోదానికి అడుగున స్ప్రింగు ఉంది.