హైఫాంగ్ రేవు, దాని జిల్లాలు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఎగుమతి కాగితాల పని చేస్తూ వియత్నాం వెళ్లే కంటైనర్లు చాలా చూశాను. గుంటూరు మిర్చి పంపేవాళ్లు అక్కడి రేవు నగరం హైఫాంగ్ గురించి అడిగే ప్రశ్నల్లో సగం ఆ ఊరి స్వరూపం తెలియక వచ్చేవే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అది కూడా విశాఖలాగే సముద్రం ఒడ్డున ఉన్న రేవు.

కాదు. పాత రేవు కామ్ నది ఒడ్డున ఉంది. ఫ్రెంచివాళ్లు 19వ శతాబ్దం చివర్లో కట్టింది అక్కడే. ఎర్రనది డెల్టా అంచు కాబట్టి ఒండ్రు ఆగకుండా వచ్చి పేరుకుంటుంది, ఎంత తవ్వినా మళ్లీ పూడుతుంది. దీనికి తోడు పోటు. మన విశాఖలో రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, అక్కడ ఒక్కసారే. నీళ్లు పెరిగినప్పుడే లోపలికి రాగల ఓడకి ఆ వేళ తప్పితే దాదాపు ఒక రోజు పోయినట్టే. మన జాలర్లు చెప్పే అమావాస్య, పౌర్ణమి లెక్క కూడా అక్కడ కుదరదు. చంద్రుడు భూమధ్యరేఖకి ఉత్తరంగానో దక్షిణంగానో ఎంత దూరం జరిగితే పోటు అంత పెద్దది. సరిగ్గా రేఖ మీదికి వచ్చిన రోజుల్లో నీటిమట్టం పెద్దగా కదలదు.

ఆ పోటే వాళ్ల చరిత్ర కూడా. 938లో న్గో క్వెన్ అనే వియత్నాం సేనాని ఇక్కడి బాక్ డాంగ్ నదిలో ఇనుప మొనల కొయ్యలు పాతించాడు. పోటు మీద లోపలికి వచ్చిన చైనా ఓడలు నీరు తీయగానే వాటికి గుచ్చుకుపోయాయి. 1288లో మంగోలు నౌకాదళానికీ అదే గతి పట్టింది.

అపోహ: కాగితం మీద హైఫాంగ్ అని ఉంటే చాలు, సరుకు దిగేది ఒక్కచోటే.

నదిలో లోపల ఉన్నవి, దిన్ వూ దగ్గరవి, సముద్రం వైపు లాక్ హుయెన్‌లోవి, అన్నీ హైఫాంగ్ టెర్మినళ్లే. లాక్ హుయెన్ లోతు రేవు 2018లో మొదలైంది. 2017లో తెరిచిన, 5 కిలోమీటర్లకి పైగా పొడవున్న వంతెన దాన్ని ప్రధాన భూభాగంతో కలుపుతుంది. టెర్మినల్ మారితే కొనేవాడి లారీ ఖర్చు మారుతుంది. బుకింగ్ రోజే అడగండి, ఓడ ఎక్కాక అడిగితే టెన్షన్ తప్ప లాభం లేదు.

అపోహ: చిరునామాలో జిల్లా పేరు లేకపోతే అది దొంగ చిరునామా.

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. 2025 జులై 1 నుంచి వియత్నాంలో జిల్లా స్థాయే లేదు. రాష్ట్రస్థాయి విభాగాలు 63 నుంచి 34కి తగ్గాయి. హైఫాంగ్‌లో పక్కనున్న హై జువాంగ్ ప్రావిన్స్ కలిసింది. ఇప్పుడు నగరం కింద నేరుగా 114 యూనిట్లు: 45 వార్డులు, 67 కమ్యూన్లు (గ్రామీణ యూనిట్లు), కాట్ హై, బాక్ లాంగ్ వీ అనే 2 ప్రత్యేక ద్వీప మండలాలు. మన దగ్గర తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 13 కాస్తా 2022లో 26 అయ్యాయి. అక్కడ జరిగింది దానికి పూర్తి విరుద్ధం.

అసలు చిక్కు పేర్లలో ఉంది. న్గో క్వెన్, లే చాన్, హాంగ్ బాంగ్ మొన్నటిదాకా నగర జిల్లాలు. ఇప్పుడు అవే పేర్లతో వార్డులున్నాయి, కానీ విస్తీర్ణం తక్కువ. పాత న్గో క్వెన్ జిల్లాలోని ప్రతి వీధీ కొత్త న్గో క్వెన్ వార్డులో లేదు. కాబట్టి "జిల్లా" కొట్టేసి "వార్డు" అని మీరే దిద్దకండి. పాత చిరునామాతో ఉన్న వ్యాపార రిజిస్ట్రేషన్లు ఇంకా చెల్లుతున్నాయి. ఎల్‌సీలో (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం, లెటర్ ఆఫ్ క్రెడిట్) ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే దించండి. అనుమానం వస్తే కొనేవాడి చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

అపోహ: కాట్ బా దీవి హాలాంగ్ బే ఊరిది.

కాట్ బా హైఫాంగ్‌ది, హాలాంగ్ పక్కనున్న క్వాంగ్ నిన్ ప్రావిన్స్‌ది. 2023లో యునెస్కో రెండింటినీ ఒకే ప్రపంచ వారసత్వ ప్రదేశంగా కలిపింది, పాలనలో మాత్రం ఎవరిది వాళ్లదే. కాట్ బాకి సరుకు వెళ్లాలంటే కాగితంలో రాయాల్సింది హైఫాంగ్, కాట్ హై ప్రత్యేక మండలం అని.