కొత్త కోచ్‌కి ఎన్నేళ్లివ్వాలి? అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పాత లెక్క, కొత్త లెక్క

ఇండియానా యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకి 2025 మార్చిలో డేరియన్ డెవ్రీస్ కోచ్‌గా వచ్చాడు. వేసవికల్లా పాత జట్టులో ఒక్కరూ మిగల్లేదు, అంతా కొత్త ముఖాలే. అంతకు పదిహేడేళ్ల ముందు, 2008 ఏప్రిల్ 1న, ఆ యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లోనే టామ్ క్రీన్ పగ్గాలు అందుకున్నప్పుడూ ఇంచుమించు ఇదే పరిస్థితి. పాతవాళ్లలో మిగిలింది ఇద్దరు. ఆ ఇద్దరూ స్కాలర్‌షిప్ లేకుండా జట్టులోకి వచ్చినవాళ్లే.

ఖాళీ ఇల్లు ఇద్దరికీ ఒకటే, గడువు మాత్రం వేరు. కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ మార్చిలో జరిపే జాతీయ టోర్నీకి చేరడానికి క్రీన్‌కి నాలుగో సీజన్ దాకా పట్టింది, అంతవరకూ యూనివర్సిటీ ఓర్చుకుంది. ఇవాళ అదే ఊళ్లో వరసగా మూడేళ్లు ఓడిన కోచ్ నాలుగో ఏడు చూడటం కష్టం. అభిమానులకి ఓపిక చచ్చిందనడం తేలిక. కానీ కొత్త కోచ్‌కి ‘నాలుగేళ్లివ్వాలి’ అన్న పాత మాట మొదటినుంచీ ఓపికకి సంబంధించింది కాదు, లెక్కకి సంబంధించింది. ఆ లెక్క కింద ఉన్న నిబంధనలు ఒక్కొక్కటే పోయాయి.

క్రీన్ సంగతే చూద్దాం. ఆయనకి ముందున్న కెల్విన్ శాంప్సన్, హైస్కూల్ ఆటగాళ్లని రప్పించుకోడానికి చేసే ఫోన్ కాల్స్ నిబంధనలు దాటిన వ్యవహారంలో 2008 ఫిబ్రవరిలో, సీజన్ నడుస్తుండగానే తప్పుకున్నాడు. ఎరిక్ గోర్డన్ ఒక్క ఏడాది ఆడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి పోయాడు. డి.జె. వైట్ చదువు ముగిసింది. జోర్డన్ క్రాఫోర్డ్ జేవియర్ యూనివర్సిటీకి మారాడు. కొందర్ని జట్టులోంచి తీసేశారు. తర్వాతి మూడు సీజన్ల గెలుపోటములు 6-25, 10-21, 12-20. బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో, అంటే ఇండియానా ఉన్న యూనివర్సిటీల లీగ్‌లో, మూడేళ్లకీ కలిపి 54 మ్యాచ్‌లాడితే గెలిచినవి 8. నాలుగో ఏడు కోడీ జెల్లర్ ఫ్రెష్‌మన్‌గా, అంటే మొదటేడు విద్యార్థిగా, వచ్చాడు. 2011 డిసెంబర్ 10న క్రిస్టియన్ వాట్‌ఫర్డ్ ఆఖరి క్షణంలో వేసిన మూడు పాయింట్ల షాట్‌తో దేశంలో నంబర్ వన్‌గా ఉన్న కెంటకీ 73-72తో ఓడింది. ఆ సీజన్ 27-9తో ముగిసింది. మరుసటేడు బిగ్ టెన్ టైటిల్. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2013లో, విక్టర్ ఒలాడిపో రెండో స్థానంలో, జెల్లర్ నాలుగో స్థానంలో వెళ్లారు.

ఎందుకంత కాలం పట్టింది? అప్పట్లో జట్టుకి 13 స్కాలర్‌షిప్‌లు. ఆటగాడికి నాలుగేళ్ల అర్హత. భాగిస్తే ఏడాదికి మూడో నాలుగో ఖాళీలు. కొత్త కోచ్ వచ్చేది మార్చి చివర్లో, ఏప్రిల్లో. మంచి హైస్కూల్ కుర్రాళ్లలో చాలామంది అంతకుముందు నవంబర్‌లోనే ఎక్కడో ఒకచోట సంతకం చేసేసి ఉంటారు. కాబట్టి మొదటి వేసవిలో దొరికేది ఏరగా మిగిలిన సరుకు. కోచ్ తీరిగ్గా చూసుకుని సంతకం చేయించే మొదటి బ్యాచ్ రెండో సీజన్‌కి గానీ కోర్టు మీదికి రాదు. పదో తరగతి నుంచే వాళ్లింటి చుట్టూ తిరిగి, తల్లిదండ్రులతో పరిచయం పెంచుకుని తెచ్చిన కుర్రాళ్లు మూడు, నాలుగేళ్లకి వస్తారు. జెల్లర్ అలా వచ్చినవాడే. పోనీ వేరే కాలేజీ నుంచి తెచ్చుకుందామంటే, బదిలీ అయినవాడు ఒక ఏడాది బెంచి మీద కూర్చోవాలి. ఆ ఏడాదీ వాడి స్కాలర్‌షిప్ ఖర్చు అవుతూనే ఉంటుంది. అలాంటివాళ్లు ఇద్దరుంటే పదమూడు కాస్తా పదకొండు.

ఇక్కడ కోచ్‌లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది: ఖాళీలన్నీ ఒకేసారి నింపేయడం. ఒకే ఏడాది ఎనిమిది మంది ఫ్రెష్‌మన్‌లని తెస్తే, నాలుగేళ్ల తర్వాత ఆ ఎనిమిది మందీ ఒకేసారి వెళ్లిపోతారు. రెండో గొయ్యి కోచ్ తన చేత్తో తవ్వుకున్నదే అవుతుంది. పైగా అంతమందికి ఆడే నిమిషాలు ఎక్కడివి? మ్యాచ్‌లో ఐదు స్థానాలు, 40 నిమిషాలు, వెరసి పంచుకోవడానికి 200. టోనీ బెనెట్ 2009లో వర్జీనియాకి వచ్చి, 2010లో ఆరుగురిని తెచ్చాడు. చివరిదాకా నిలిచింది జో హారిస్, అకీల్ మిచెల్ ఇద్దరే. నలుగురు వేరే కాలేజీలకి మారిపోయారు. ఆయన మొదటి ఐదు సీజన్లు వరసగా 15-16, 16-15, 22-10, 23-12, 30-7. పదో సీజన్‌లో, 2019లో, జాతీయ టైటిల్ గెలిచాడు. ఆరింటిలో నాలుగు గింజలు తాలైనా పంట పండిందంటే ఆ రెండు నిలవబట్టే.

ఇంకా వెనక్కి వెళ్తే గడువు మరీ పొడుగు. 1972 దాకా ఫ్రెష్‌మన్‌లకి ప్రధాన జట్టులో ఆడే అర్హతే లేదు. జాన్ వుడెన్ 1948లో యూసీఎల్ఏకి వచ్చి తొలి జాతీయ టైటిల్ గెలిచింది 1964లో. నార్త్ కరోలైనాలో డీన్ స్మిత్ నాలుగో సీజన్‌లో, 1965 జనవరిలో, వేక్ ఫారెస్ట్ చేతిలో ఓడి బస్సు దిగేసరికి విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మని ఉరి తీసి ఉంచారు. జట్టు ఆటగాడు బిల్లీ కన్నింగ్‌హామ్ వెళ్లి దాన్ని లాగి పారేశాడు. రెండేళ్లు దాటాక, 1967లో, స్మిత్ జట్టు ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నీలో చివరి నాలుగు జట్ల దశ) ఆడింది.

అందరూ ఎత్తే ఉదాహరణ డ్యూక్‌ది, అందరూ సగమే చెప్పేదీ అదే. మైక్ షిషెఫ్‌స్కీ 1980లో వచ్చాడు. మొదటి మూడేళ్లు 17-13, 10-17, 11-17. డ్యూక్ ఉన్న కాన్ఫరెన్స్ ఏసీసీ 1983 టోర్నీలో వర్జీనియా చేతిలో 109-66తో చిత్తయ్యారు. తీసేయమని గొడవ జరుగుతుంటే యూనివర్సిటీ ఆటల విభాగం అధిపతి టామ్ బట్టర్స్ 1984 జనవరిలో కాంట్రాక్ట్ పొడిగించాడు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. చెప్పకుండా వదిలేసేది: ఆ 11-17 జట్టు బరువు మోసింది జానీ డాకిన్స్, మార్క్ అలారీ, జే బిలాస్, డేవిడ్ హెండర్సన్ అనే నలుగురు ఫ్రెష్‌మన్‌లు. అదే నలుగురు సీనియర్లయిన (నాలుగో ఏడుకొచ్చిన) 1986లో రికార్డు 37-3. సీనియర్లతో ఆడుతూ 11-17 అయితే అది వేరే జబ్బు. అంకె ఒకటే, అర్థం వేరు.

అన్నిటికంటే లోతు గొయ్యి బేలర్‌ది. 2003లో ఒక ఆటగాణ్ని అదే జట్టువాడు హత్య చేశాడు. దాని వెంట చెల్లింపుల కుంభకోణం బయటపడి పాత కోచ్ పోయాడు. స్కాట్ డ్రూ తొలి సీజన్ 8-21. 2005-06లో శిక్షగా కాన్ఫరెన్స్ బయటి మ్యాచ్‌లే ఆడనివ్వలేదు. 2008లో ఎన్‌సీఏఏ టోర్నీకి చేరారు. 2021లో, ఆయన 18వ సీజన్‌లో, అప్పటిదాకా ఓటమి ఎరగని గొంజాగాని 86-70తో ఓడించి జాతీయ విజేతలయ్యారు.

ఇక లెక్క తలకిందులైన సంగతి. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే ఆన్‌లైన్ జాబితా మొదలైంది. మారాలనుకున్నవాడు పాత కోచ్ అనుమతితో పనిలేకుండా తన పేరు అందులో పెట్టుకోవచ్చు. 2021 ఏప్రిల్‌లో మొదటి బదిలీకి ఏడాది కూర్చునే నియమం తీసేశారు. అదే జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చన్నారు. ఎన్‌ఐఎల్ అంటున్నది దాన్నే. 2023 డిసెంబర్ కోర్టు ఉత్తర్వు తర్వాత, 2024 ఏప్రిల్‌లో, చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చని తేల్చారు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు ఒప్పందంతో 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బిస్తున్నాయి. మొదటి ఏడాది పరిమితి అన్ని ఆటలకీ కలిపి 2.05 కోట్ల డాలర్లు. స్కాలర్‌షిప్‌ల 13కి బదులు జట్టులో 15 మంది అన్న పరిమితి వచ్చింది. (మన పిల్లలు ఎం.ఎస్.కి వెళ్లే ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజు రసీదులో అథ్లెటిక్స్ పద్దు కనిపిస్తుంది. ఆ డబ్బు వెళ్లేది యూనివర్సిటీ ఆటల విభాగానికే.)

దీంతో నాలుగేళ్ల పని ఒక్క వేసవిలో సాధ్యమైంది. బేలర్‌లో డ్రూ పక్కన 19 ఏళ్లు సహాయకుడిగా పనిచేసిన జెరోమ్ టాంగ్ 2022లో కాన్సస్ స్టేట్ కోచ్ అయ్యాడు. మిగిలిన పాతవాళ్లు ఇద్దరే. అయినా తొలి ఏడే 26-10, చివరి ఎనిమిది జట్లలో చోటు. లూయివిల్‌లో కెన్నీ పేన్ రెండేళ్ల రికార్డు 4-28, 8-24. ఆయన్ని తీసేసి 2024లో పాట్ కెల్సీని తెస్తే, కొత్తవాళ్లతో నిండిన జట్టు 27-8 సాధించింది. అది చూశాక ‘నాలుగేళ్లాగండి’ అని ఏ కోచ్ అడగగలడు?

అడగలేడు గానీ, సమయం అక్కర్లేకుండా పోలేదు. కాన్సస్ స్టేట్ తర్వాతి రెండు సీజన్లు 19-15, 16-17. మొదటేడు జట్టుని నడిపిన మార్క్విస్ నోవెల్, కియోంటే జాన్సన్ అర్హత ముగిసి వెళ్లిపోయారు. కొనుక్కొచ్చిన సీనియర్లతో కట్టిన జట్టు ప్రతి ఏప్రిల్‌లోనూ మొదటికొస్తుంది. ఇప్పుడు సమయం కావలసింది మనుషుల్ని తేవడానికి కాదు, నిలుపుకోడానికి.

తర్వాత డిఫెన్స్. షూటింగ్ వచ్చినవాణ్ని తెచ్చుకోవచ్చు, ఐదుగురు కలిసి కదలడం తెచ్చుకోలేరు. బెనెట్ నేర్పిన ప్యాక్ లైన్ అనే డిఫెన్స్ పద్ధతిలో బంతి కాపలా వాడు తప్ప మిగతా నలుగురూ మూడు పాయింట్ల గీతకి కొంచెం లోపల ఊహించుకున్న గీత వెనక ఉంటారు. పాస్ పడగానే ఒకడు ఉరకాలి, మిగతావాళ్లు జరగాలి. ప్రత్యర్థి ఒకడు దారికి అడ్డంగా నిలబడటానికి (స్క్రీన్) వస్తున్నప్పుడు వెనకవాడు కేకెయ్యాలి. ఆ కేక అర సెకను ఆలస్యమైతే మూలన ప్రత్యర్థి ఒకడు కాపలా లేకుండా మిగులుతాడు. వేసవి ప్రాక్టీసు ఎనిమిది వారాలు, వారానికి ఎనిమిది గంటలకి మించకూడదు. సీజన్‌లో వారానికి 20 గంటలు. అందరూ కొత్తవాళ్లయిన జట్టు నవంబర్‌లో తడబడి ఫిబ్రవరిలో కుదురుకోవడం అందుకే.

కాబట్టి తొలి సీజన్లో గెలుపోటముల అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. ప్రత్యర్థి చేతికి బంతి వందసార్లు చిక్కితే (వంద పొసెషన్లకి) ఇచ్చిన పాయింట్లు డిసెంబర్ నుంచి మార్చికి తగ్గాయా? 200 నిమిషాల్లో మరుసటేడు ఉండగలవాళ్లు ఆడినవి ఎన్ని? ఏప్రిల్‌లో కోచ్ ఉంచుకోవాలనుకున్న నలుగురిలో ఎందరు ఉన్నారు? రెండో వేసవికీ ఈ మూడూ కదలకపోతే, మూడో ఏడు ఇవ్వడం మొహమాటమే. మూడూ కదులుతుంటే 14-18 వచ్చినా ఆగొచ్చు. అయితే జట్టుకిచ్చే డబ్బు కాన్ఫరెన్స్‌లో అట్టడుగున ఉంటే, అది కోచ్ తప్పా యూనివర్సిటీ అధ్యక్షుడి తప్పా అని ముందు తేల్చుకోవాలి.

నిజానికి గడువు నిర్ణయించేది చాలాసార్లు బైఔట్, అంటే కాంట్రాక్ట్ మధ్యలో తీసేస్తే కోచ్‌కి కట్టాల్సిన డబ్బు. ఇండియానా 2021లో ఆర్చీ మిల్లర్‌ని పంపడానికి కోటి డాలర్లకి పైగా చెల్లించాల్సి వచ్చింది. ఆ డబ్బు దాతలు పెట్టుకున్నారు. దాతలు దొరకని చోట కోచ్‌కి ఇంకో ఏడాది దొరుకుతుంది, దాన్ని ఓపిక అని ప్రకటిస్తారు.

2026 నుంచి పోర్టల్ తెరిచేది జాతీయ ఫైనల్ మర్నాడు, అదీ పదిహేను రోజులే. కోచ్ మారిన జట్టు కుర్రాళ్లకి, కొత్త కోచ్ వచ్చిన ఐదు రోజుల తర్వాత మొదలయ్యే మరో పదిహేను రోజుల గడువు ఉంటుంది. ఫైనల్ అయ్యాక కోచ్‌ని వెతికే యూనివర్సిటీ, ఎదుటివాళ్లు బేరాలు మొదలుపెట్టాక సంచీ పట్టుకుని బయల్దేరినట్టే.