డాల్ఫిన్ల వేట: మామూలు మనుషులు ఏం చేయగలరు? అపోహలు - వాస్తవాలు

ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ కళేబరం దగ్గరికి వెళ్లగానే నా చూపు ముందు తోక మీదికి పోతుంది. కుక్కలో, పక్షులో పీకి ఉంటే అంచులు చిందరవందరగా ఉంటాయి. కత్తి పడితే అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. తోక ఒక్కటే తెగి ఉంటే, వలలో చిక్కినదాన్ని విడదీయడానికి కోసి ఉంటారని అనుమానిస్తాం. పక్కల నుంచి మాంసం, కొవ్వు పలకలు పలకలుగా తీసేసి ఉంటే, ఎవరో వాడుకోవడానికే కోశారన్నమాట. ఎక్కడైనా గుండ్రటి చిన్న రంధ్రం కనిపిస్తే ఎక్స్‌రే తీయాల్సిందే, లోపల తూటా ఉందేమో చూడటానికి.

రెండు రోజులు ఎండకు ఉబ్బి, తోలు ఊడిపోతే ఇందులో సగం ఆనవాళ్లు పోతాయి. అందుకే మాకన్నా ముందు దాన్ని చూసిన మనిషి ఏం చేశాడన్నది మాకు చాలా ముఖ్యం. చాలా ఏళ్లుగా ఈ పరీక్షలు చేస్తున్న నన్ను "మాలాంటివాళ్లం ఏం చేయగలం?" అని ఎంతోమంది అడుగుతుంటారు. ఆ మాటల్లో పదేపదే వినిపించే అపోహలు ఇవి.

అపోహ: డాల్ఫిన్‌ను చంపడం ప్రపంచంలో ఎక్కడైనా నేరమే.

వాస్తవం: కాదు. 1986 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నిషేధం పెద్ద తిమింగలాలను వ్యాపారం కోసం వేటాడటం గురించి. డాల్ఫిన్లు ఆ నిషేధం కిందికి రావు. వాటి విషయంలో ఏ దేశం చట్టం ఆ దేశానిది. జపాన్‌లోని తాయిజీ అనే ఊళ్లో జరిగే వేటకు ప్రభుత్వమే కోటా ఇస్తుంది. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 2021 సెప్టెంబరు 12న ఒక్క రోజులో 1,428 డాల్ఫిన్లను చంపారు. అక్కడి చట్టం ప్రకారం ఆ వేట నిషిద్ధం కాదు. అయితే దానిపై లోపలా బయటా ఎంత వ్యతిరేకత వచ్చిందంటే, ఆ తర్వాతి రెండేళ్లకు ఏడాదికి 500 అని ప్రభుత్వమే హద్దు పెట్టింది. పెరూ, బ్రెజిల్, భారత్ లాంటి దేశాల్లో మాత్రం ఇది నేరం.

ఈ తేడా తెలియాలి. చట్టం అనుమతించిన చోట పోలీసులకు ఫోన్ చేసి లాభం లేదు. అక్కడ పని చేసేవి ప్రజాభిప్రాయం, కొనుగోళ్లు. చట్టం నిషేధించిన చోట మాత్రం కావలసింది సాక్ష్యం.

అపోహ: డాల్ఫిన్‌ను మాంసం కోసమే చంపుతారు. మనం తినం కాబట్టి మనకు సంబంధం లేదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నేను అమెజాన్ సంగతి చెబుతాను. అక్కడి గులాబీ రంగు నదీ డాల్ఫిన్‌ను ఎరగా వాడటానికి చంపుతారు. పిరకటింగా అనే చేప చచ్చిన జంతువుల మాంసం తింటుంది, కొవ్వు వాసనకు గుంపులుగా వస్తుంది. డాల్ఫిన్ మాంసం ముక్కలు నీళ్లలో వేస్తే చాలు, చేపలు వాటంతటవే వచ్చి పడతాయి. ఆ చేపను కొలంబియా మార్కెట్లలో అక్కడివాళ్లు ఇష్టపడే మరో చేప పేరుతో అమ్మేవారు. కొన్నవాళ్లకు తమ డబ్బు డాల్ఫిన్ వేటకు పోతోందని తెలియనే తెలియదు. 2014లో ఈ వేట దృశ్యాలు బ్రెజిల్ టీవీలో వచ్చాక జనం భగ్గుమన్నారు. 2015 జనవరి నుంచి పిరకటింగా పట్టడాన్నే అక్కడ ఆపేశారు. ఆ చేపలో పాదరసం ఎక్కువగా ఉందని కొలంబియా కూడా 2017లో అమ్మకాన్ని నిషేధించింది. నిషేధం వచ్చిన రోజే వేట ఆగిపోయిందని నేను చెప్పను. కానీ కొనేవాడు లేని ఎర వ్యాపారం ఎక్కువ కాలం నిలబడదు.

పెరూలో సొరచేపలకు ఎరగా, గంగానదిలో చేపలను రప్పించే నూనె కోసం, పసిఫిక్‌లోని సోలమన్ దీవుల్లో పెళ్లిలో ఇచ్చే డాల్ఫిన్ దంతాల కోసం, ఇలా ఒక్కో చోట ఒక్కో కారణం. తాయిజీలో చంపే వాటితో పాటు కొన్నింటిని ప్రాణాలతో పట్టి అక్వేరియంలకు అమ్ముతారు. మాంసం కన్నా వాటికి ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. కాబట్టి చేప కొనేటప్పుడు దాని అసలు పేరేంటి, ఎక్కడ పట్టారు, దేనితో పట్టారు అని అడగండి. డాల్ఫిన్ షో టికెట్ కొనేముందు ఆ డాల్ఫిన్లు ఎక్కడి నుంచి వచ్చాయో అడగండి. సూటిగా జవాబు రాకపోతే టికెట్ కొనకండి.

అపోహ: వీడియో తీసి పెట్టేస్తే మన బాధ్యత తీరిపోయినట్టే.

వాస్తవం: వీడియోకు బలం ఉంది, ఆ మాట నిజం. 2020 డిసెంబరు 31న ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్ జిల్లాలో ఒక కాలువలోకి వచ్చిన గంగా డాల్ఫిన్‌ను కర్రలతో, గొడ్డలితో కొట్టి చంపారు. ఆ వీడియో ఊరూరా తిరగబట్టే అరెస్టులు జరిగాయి. అయితే నా దగ్గరికి వచ్చే వీడియోల్లో ఎక్కువ భాగం పది చేతులు మారి వచ్చినవే. ఎక్కడిదో తెలియదు, ఎప్పటిదో తెలియదు, మీద పాట కూడా పెట్టేసి ఉంటారు. వాటితో కేసు నిలబడదు.

పనికొచ్చే ఫోటోలు ఎలా ఉండాలంటే: మొదట దూరం నుంచి ఒకటి, వెనక చెట్టో కట్టడమో ఏదో ఒక గుర్తు కనిపించేలా. తర్వాత పక్క నుంచి మొత్తం ఒళ్లు. ఆ తర్వాత వీపు రెక్క, తోక, నోరు, గాయాలు, ఒక్కొక్కటీ దగ్గర నుంచి. గాయం పక్కన పెన్నో తాళంచెవో పెడితే కొలత తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, అందులో దాగి ఉండే టైము, లొకేషన్ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలు ఫోన్లో దాచి ఉంచండి. పడవ కనిపిస్తే దాని నంబరు, రంగు, వెళ్లిన దిక్కు రాసుకోండి.

కళేబరాన్ని కదపకండి. గుర్తుగా పన్ను పీక్కుపోయేవాళ్లు ఉంటారు. చాలా దేశాల్లో అది దగ్గర పెట్టుకోవడమే నేరం. ముందు అటవీశాఖకో, మత్స్యశాఖకో, కోస్ట్‌గార్డ్‌కో చెప్పండి, సోషల్ మీడియా తర్వాత. ముందే పెట్టేస్తే చేసినవాళ్లు జాగ్రత్తపడతారు, చూడటానికొచ్చిన జనం అడుగుల కింద ఆనవాళ్లు నలిగిపోతాయి. ఇంకొక్క మాట, దయచేసి వినండి: కత్తి, తుపాకీ ఉన్నవాళ్లతో గొడవకు దిగకండి. పడవను తరుముకుంటూ వెళ్లకండి. మీరు క్షేమంగా తిరిగొచ్చి ఉన్నది ఉన్నట్టు చెబితే మాకు అదే కావాలి.

అపోహ: డాల్ఫిన్లకు చేపలు వేయడం వాటి మీద ప్రేమే కదా.

వాస్తవం: ప్రేమే, కానీ వాటి ప్రాణం మీదికి తెస్తుంది. చేతి నుంచి చేప తిన్న డాల్ఫిన్ పడవ అంటే తిండి అని నేర్చుకుంటుంది. పిల్లకూ అదే నేర్పుతుంది. రేపు మరో పడవ దగ్గరికెళ్లి గాలానికి పడ్డ చేపను లాక్కుంటుంది. ఆ పడవలోని మనిషికి కోపం వస్తుంది. అమెరికా తీరంలో తూటా గాయాలతో చనిపోయిన డాల్ఫిన్లు దొరుకుతూనే ఉన్నాయి. కాల్చినవాళ్ల ఆచూకీ చెప్పినవాళ్లకు ప్రభుత్వం 20,000 డాలర్ల వరకు బహుమానం ప్రకటించిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్లకు మేత వేయడమే చట్టవిరుద్ధం. దూరం నుంచి చూడండి.

అపోహ: మత్స్యకారులే డాల్ఫిన్లకు శత్రువులు.

వాస్తవం: ఈ అపోహ నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. ప్రపంచం మొత్తం మీద ఏటా 3,00,000కు పైగా తిమింగలాలు, డాల్ఫిన్లు, వాటిని పోలిన పోర్పాయిస్‌లు వలల్లో చిక్కి చనిపోతున్నాయని అంచనా. అందులో అత్యధికం ఎవరూ కోరుకోని చావులు. డాల్ఫిన్ పడితే వల చిరుగుతుంది, రోజంతా చేసిన శ్రమ పోతుంది. కావాలని వేటాడేవాళ్లు వేరు. అయితే అనుకోకుండా పడినదాన్ని ఎరగా వాడటం మొదలై, క్రమంగా దాన్నే వెతుక్కుంటూ వెళ్లే పరిస్థితి కొన్ని తీరాల్లో వచ్చింది. ఆ మార్పును మొదట పసిగట్టేది తోటి మత్స్యకారులే. నేరస్థుల్లా చూస్తే వాళ్లు మనతో ఎందుకు మాట్లాడతారు?

నాకు దొరికిన మంచి సాక్ష్యాల్లో ఒకటి ఒక మత్స్యకారుడు పంపినదే. తెల్లవారుజామున ఒడ్డున డాల్ఫిన్ కళేబరం చూశాడట. నాలుగు ఫోటోలు. కొలత కోసం తన చెప్పు విప్పి గాయం పక్కన పెట్టాడు. వీపు రెక్క వెనక అంచున రెండు గాట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. డాల్ఫిన్లను మేం ఆ గాట్లను బట్టే ఒక్కొక్కదాన్ని గుర్తుపడతాం. పాత ఫోటోలు తిరగేస్తే, అంతకు రెండేళ్ల ముందు పిల్లను వెంటేసుకుని ఈదుతూ మా కెమెరాకు చిక్కిన తల్లి అదే. మధ్యాహ్నం మేం చేరుకునేసరికి ఆటుపోటుకు కళేబరం కొట్టుకుపోయింది. కత్తి గీత ఎంత తిన్నగా ఉందో, చెప్పు పక్కన, ఆ ఫోటోలో ఒక్కదానిలోనే మిగిలింది. మా రిపోర్టులో మొదటి పేజీలో దాన్నే పెట్టాం.