టియానా పడవ బాగుపడుతుందా: పిల్లలకు అవ్వ ఉత్తరం

యెర్రముక్కపల్లె,
కడప.

మనవళ్ళకు, మనవరాళ్ళకు, వాళ్ళతో కలిసి నన్ను ప్రశ్నలతో ముంచెత్తిన స్నేహితులందరికీ అవ్వ ఆశీస్సులు.

ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో ‘ద ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’ అనే డిస్నీ బొమ్మల సినిమా నాయిక టియానా పేరుతో ఉన్న నీళ్ళ రైడ్‌ను కొన్ని నెలలు మూసేస్తారని, ఆ సినిమాలోని విలన్ డాక్టర్ ఫెసిలియర్ బొమ్మను కొత్తగా పెట్టి మళ్ళీ తెరుస్తారని మీ గ్రూపులో మెసేజ్ తిరుగుతోందట. నిజమేనా అని అడిగారు. మీరు పంపింది చదివాను. చెప్పినవాళ్ళ పేరు లేదు, తేదీ లేదు, డిస్నీ ప్రకటన అంతకన్నా లేదు. దాన్ని వార్త అనలేం, ఎవరో కోరుకున్న కోరిక అంతే. కానీ ఆ కోరిక తప్పు కాదు. పోయినసారి మీ పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు కాలిఫోర్నియాలో ఉన్న ఇలాంటి రైడ్‌నే నేనూ ఎక్కాను. బాగుపడాలని నాకూ ఉంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు దాని పుట్టుక తెలియాలి. 1989లో కాలిఫోర్నియాలో, 1992లో ఫ్లోరిడాలో స్ప్లాష్ మౌంటెన్ అని ఒక నీళ్ళ రైడ్ పెట్టారు. దుంగ ఆకారంలో ఉండే పడవ ఎక్కితే కాలువలో తేలుతూ కొండ లోపలికి వెళ్తాం. లోపల చీకటి గదులు, కదిలే బొమ్మలు, పాటలు. చివర సుమారు 50 అడుగుల ఎత్తు నుంచి జర్రున జారి నీళ్ళలో పడతాం. ఆ రైడ్ కథను 1946 నాటి ఒక సినిమాలోంచి తీసుకున్నారు. ఆ సినిమా నల్లజాతి వాళ్ళ జీవితాన్ని తప్పుగా చూపించిందని ఎప్పటినుంచో విమర్శ ఉంది. కథ మార్చేస్తామని 2020 జూన్‌లో డిస్నీ ప్రకటించింది. 2024 జూన్ 28న ఫ్లోరిడాలో, నవంబర్ 15న కాలిఫోర్నియాలో టియానా పేరుతో కొత్త రైడ్ తెరిచారు. కొండ, కాలువ, ఆ పెద్ద జారుడు పాతవే ఉంచారు. కథ, బొమ్మలు, వెలుగు, పాటలు మార్చారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

కొత్త కథ మీకు తెలిసిందే. మార్డీ గ్రా పండగకు టియానా పెద్ద విందు పెట్టుకుంది. వాయిద్యాలు వాయించేవాళ్ళు కావాలి. వాళ్ళను వెతకడానికి మొసలి లూయీతో కలిసి మనం చిత్తడి అడవిలోకి వెళ్తాం. మంత్రాలు తెలిసిన ముసలామె మామా ఓడీ మంత్రం వేసి మనల్ని కప్ప అంత చిన్నగా చేస్తుంది. చివరికి అందరం విందుకు చేరుకుంటాం. టియానా బొమ్మ ముఖం, చేతుల కదలిక చూస్తే నాకు ఒళ్ళు పులకరించింది. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినదాన్ని, లోపల ఉన్నవి మోటార్లేనని తెలుసు. అయినా ఆమె నా వైపు తిరిగినప్పుడు చెయ్యి ఊపాను.

మరి మీ కంప్లైంట్ ఏమిటి? విలన్ లేడు, అందుకే పస లేదు అంటారు. నేను దాన్ని కొంచెం వేరుగా చూస్తాను. పాత రైడ్‌లో నక్క కుందేలును పట్టుకునేది. పడవ పైకి ఎక్కుతుంటే నెత్తిమీద రాబందులు కూర్చుని భయపెట్టేవి. జారేముందే గుండె దడదడలాడేది. కొత్త కథలో మనల్ని ఎవరూ తరమడం లేదు. పడవ పైకెక్కుతుంది, జారుతుంది. ఎందుకు జారుతున్నామో మనసుకు పట్టదు. విలన్ ఉండి తీరాలని నేను అనను. జారడానికి ఒక కారణం మాత్రం కావాలి. అది పిడుగు కావచ్చు, మామా ఓడీ మంత్రం కాస్త ఎక్కువ పనిచేయడం కావచ్చు. రెండో లోటు మధ్యదారిలో ఉంది. కొంతసేపు చెట్లు, కప్పల అరుపులు తప్ప చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ఆ లోటు మీరు రైడ్ వీడియో చూసే పట్టుకున్నారు, నాకు సంతోషమేసింది.

ఇక్కడ మన జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. 1885లో మన సురభి ఊళ్ళో కీచక వధ నాటకంతో సురభి నాటకాలు మొదలయ్యాయి. నారదుడు ఆకాశం నుంచి దిగడం, మంటలు లేవడం, క్షణంలో అడవి పోయి కోట రావడం, ఇవన్నీ తీగలతో, తెరలతో, దీపాలతో చేసి చూపించారు. చిన్నప్పుడు అవి చూసి నోరు తెరిచినవాళ్ళలో నేనొకదాన్ని. నాటకంలో ఒక రాత్రి ట్రిక్ కుదరకపోతే మర్నాడు దీపం రెండడుగులు జరిపి మళ్ళీ ఆడతారు. తెర వెనక మనిషి ఉంటాడు, జనం ముఖాలు చూస్తుంటాడు. రైడ్‌లో ఆ మనిషి స్థానంలో కంప్యూటర్ ఉంటుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా వేలమందికి అదే దృశ్యం, అదే సెకనులో నడవాలి. ఒక బొమ్మ చెయ్యి మార్చాలన్నా రైడ్ ఆపాలి, లేదా జనం వెళ్ళిపోయాక రాత్రిపూట చేసుకోవాలి. మార్పులు ఇంత ఆలస్యం అవుతాయేమని మీరు విసుక్కుంటారు కదా, కారణం ఇదే.

రైడ్‌లో అన్నీ ఒకే రకంగా మారవు. లైట్లు, సౌండ్, గోడమీద వేసే ప్రొజెక్షన్, బొమ్మలు మాట్లాడే మాటలు తేలిగ్గా మారతాయి. రాత్రికి రాత్రి కూడా కొన్ని మార్చొచ్చు. కొత్త బొమ్మ పెట్టడం మధ్యరకం పని. దాన్ని తయారు చెయ్యాలి, కదలికలు నేర్పాలి, నీళ్ళ పక్కన తేమకు తట్టుకునేలా చెయ్యాలి. అన్నిటికన్నా కష్టమైనవి కాలువ, కొండ, జారుడు. అవి కాంక్రీటువి. అందుకే కథంతా మార్చినా వాటిని ముట్టుకోలేదు. ఇప్పుడు మీ మెసేజ్‌ను దీనితో పోల్చి చూడండి. ఫెసిలియర్ నీడను గోడమీద ప్రొజెక్షన్‌తో ఆడించడం తేలిక. మనిషంత ఎత్తు బొమ్మ పెట్టాలంటే సమయం, డబ్బు కావాలి. ఇంకో జారుడు కడతారని ఎవరైనా రాస్తే అసలు నమ్మొద్దు.

తేలికగా జరిగిన మార్పు ఒకటి చెప్తాను. 2011లో కాలిఫోర్నియాలో జలకన్య ఏరియల్ రైడ్ తెరిచారు. నీళ్ళలో తేలుతున్నట్టు ఉండాలని ఆమె జుట్టును పైకి చుట్టి పెట్టారు. అది సాఫ్టీ ఐస్‌క్రీంలా ఉందని జనం నవ్వారు. కొన్నాళ్ళకే జుట్టు మార్చేశారు.

ఇంకొకటి మాత్రం 46 ఏళ్ళు పట్టింది. ఈ కథ నాకు చాలా ఇష్టం. 1969 ఆగస్టులో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల భవనం రైడ్ తెరిచారు. అందులో టోపీ పెట్టె పట్టుకున్న ఒక దయ్యం ఉండేది. దాని తల ఒంటిమీద మాయమై చేతిలోని పెట్టెలో కనబడాలి. చూసేవాళ్ళ బండి మరీ దగ్గరగా వెళ్ళేది, వెలుగు అటూ ఇటూ పడేది. తల పూర్తిగా మాయం కాలేదు. పెట్టిన కొద్దికాలానికే ఆ బొమ్మను తీసేశారు. దాన్ని చూసినవాళ్ళు తక్కువ, చూశామని చెప్పుకున్నవాళ్ళు ఎక్కువ. తిరిగి వస్తుందట, వచ్చే ఏడాది వస్తుందట అని ఎన్నో దశాబ్దాలు పుకార్లు నడిచాయి. చివరికి 2015లో నిజంగానే వచ్చింది. ఈసారి కొత్త టెక్నాలజీతో తల చక్కగా మాయమైంది. ఆశపడ్డవాళ్ళు గెలిచారు అని మీరంటారు. నిజమే. అయితే ఆ మధ్యలో వచ్చిన ప్రతి "వచ్చే ఏడాది" అబద్ధమే కదా! ఆశ నిజమైనంత మాత్రాన ఆ పుకార్లు నిజం కాలేదు.

ఆ మాన్షన్‌లోనే పెద్ద హాలులో దయ్యాలు నాట్యం చేస్తాయి. అది 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ అనే ఆయన నాటకాల్లో చూపించి పేరు తెచ్చిన గాజు ట్రిక్. రాత్రి బస్సులో తిరుపతికి పోతుంటే కిటికీ అద్దంలో మీ ముఖం బయట చీకట్లో తేలుతున్నట్టు కనబడుతుందే, అదే సూత్రం. బస్సులో లైటు ఆపగానే ముఖం మాయం. లైటు ఎటు నుంచి, ఎంత పడుతోందన్నదే అంతా. టోపీ పెట్టె దయ్యం మొదట ఓడిపోయింది కూడా ఆ లెక్క దగ్గరే. అలాగే కొన్ని గదుల్లో అతినీలలోహిత దీపాలు వాడతారు. వాటి వెలుగు కంటికి దాదాపు కనబడదు, రంగులు మాత్రం మెరుస్తాయి. అక్కడ మీ తెల్లచొక్కా కూడా నీలంగా మెరుస్తుంది, సబ్బుపొడిలో కలిపే రసాయనం వల్ల. పక్క గదిలోంచి మామూలు లైటు కాస్త లోపలికి జారినా ఆ మాయంతా పోతుంది.

అడిగితే మారుస్తారా అన్నదానికి ఫిగ్మెంట్ కథ చూడండి. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న ఎప్‌కాట్ పార్కులో 1983లో ఊహాశక్తి గురించి ఒక రైడ్ పెట్టారు. అందులో ఊదారంగు చిన్న డ్రాగన్ ఫిగ్మెంట్ అంటే పిల్లలకు ప్రాణం. 1999లో ఆ రైడ్‌ను మార్చి ఫిగ్మెంట్‌ను దాదాపు తీసేశారు. జనం ఎంత గొడవ చేశారంటే, రెండేళ్ళకే మూసేసి 2002లో ఫిగ్మెంట్‌ను తిరిగి తెచ్చారు. ఆ అరుపు పనిచేసింది. కానీ మొదటి రైడ్‌లోని అందం తిరిగి రాలేదని పాతవాళ్ళు ఇప్పటికీ బాధపడతారు. నాకు ఇందులో కనబడేది ఒకటుంది. జనం "ఫిగ్మెంట్ కావాలి" అన్నారు, ఫిగ్మెంట్ వచ్చాడు. మొదటి కథ ఎందుకు మనసుకు పట్టిందో ఎవరూ అంత గట్టిగా చెప్పలేదేమో. మీరు "ఫెసిలియర్ కావాలి" అని మాత్రమే అడిగితే, ఒక మూల ఫెసిలియర్ బొమ్మ నిలబెట్టి ఊరుకోవచ్చు. జారుడుకు కారణం మాత్రం అప్పటికీ రాదు.

ఇక పుకార్ల సంగతి. అక్కడ పెద్ద పని మొదలుపెట్టాలంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో కాగితం దాఖలు చేస్తారు. అది ఎవరైనా చూడొచ్చు. ఫ్లోరిడాలో అభిమానులు ఆ కాగితాలు వెతికి, డిస్నీ ఏదో చేస్తోందని ఊహిస్తుంటారు. అందులో కాంట్రాక్టర్ పేరు, చోటు ఉంటాయి. పని వివరం దగ్గర చాలాసార్లు "సాధారణ నిర్మాణం" అన్నంత మాటే ఉంటుంది. పైకప్పు రిపేరుకూ అదే మాట, కొత్త బొమ్మకూ అదే మాట. అలాగే రిపేరు కోసం ఒక రైడ్ ఫలానా తేదీల్లో మూసి ఉంటుందని పార్కు ముందే చెబుతుంది. నీళ్ళ రైడ్‌కు అది మామూలు. కాలువ ఖాళీ చేసి, పంపులు చూసి, పడవలకు సర్వీసింగ్ చేస్తారు. మూసిన ప్రతిసారీ కథ మారుస్తున్నారని అనుకోకండి. అధికారిక ప్రకటన వచ్చినా అది పని పూర్తయినట్టు కాదు. మన జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీకి ఎన్నిసార్లు శంకుస్థాపన జరిగిందో మీ నాన్నలను అడగండి. వాళ్ళు దాని కోసం ఎంత ఆశగా ఎదురుచూశారో కూడా అడగండి.

కాబట్టి ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి. దానికి బదులు పార్కు వాళ్ళకే రాయండి. వెబ్‌సైట్‌లో మనం అభిప్రాయం చెప్పే చోటు ఉంది. ఇంగ్లీషులో మీ అక్క సాయం చేస్తుంది. "బాగోలేదు" అని రాయొద్దు. ఏ గదిలో, ఏ బొమ్మ తర్వాత మీకు విసుగొచ్చిందో రాయండి. జారేముందు ఏం వినబడితే భయం వేసేదో రాయండి. టియానా బొమ్మ ఎంత నచ్చిందో కూడా తప్పకుండా రాయండి, దాన్ని తయారుచేసిన చేతులకు అది తెలియాలి. పంపేముందు నాకొకసారి చూపించండి.

వేసవి సెలవుల్లో బెలుం గుహలకు పోదాం. కొలిమిగుండ్ల దగ్గర, కారులో పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. లోపల దీపాలు ఎక్కడ దాచారో, ఏ రాయిమీద వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో, ఎక్కడ బల్బు నేరుగా కంట్లో కొట్టి అందం చెడుతోందో ఒక్కొక్కరు ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. లోపల ఉక్కగా ఉంటుంది, నీళ్ళ సీసాలు తెచ్చుకోండి. చిన్నోడికి మెట్లమీద చెయ్యి పట్టుకునే బాధ్యత పెద్దదానిది.

మీ
అవ్వ