వేరే ఉద్యోగం చేస్తే ఆర్టిస్టు కాకుండా పోతారా? నగరానికి వచ్చే యువ కళాకారుల అపోహలు - వాస్తవాలు

పోయిన వారం మళ్ళీ అదే మాట విన్నాను. ఇరవై మూడేళ్ళ అమ్మాయి, నగరానికి వచ్చి నాలుగు నెలలయింది. పోర్ట్‌ఫోలియో చూపించడానికి మా స్టూడియోకి వచ్చింది. బొమ్మలు బాగున్నాయి, ముఖ్యంగా మనుషుల చేతులు. ఆ వయసులో చేతుల్ని అంత ధీమాగా గీసేవాళ్ళు తక్కువ. అన్నీ చూశాక ఫైలు మూసేసి, తలెత్తకుండా, "మేడమ్, నేనొక క్లినిక్‌లో రిసెప్షన్‌లో చేరాను. ఇంక నన్ను ఆర్టిస్టు అనుకోరేమో" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పద్నాలుగేళ్ళుగా పుస్తకాలకూ పత్రికలకూ బొమ్మలు వేయించే పనిలో ఉన్నాను. కొత్తగా వచ్చి నన్ను కలిసేవాళ్ళలో సగం మంది ఈ భయాన్నే మోసుకొస్తారు. కాబట్టి ముందు దీని సంగతే.

అపోహ: వేరే ఉద్యోగం చేస్తే కళను వదిలేసినట్టే. అన్నీ మానుకుని దిగినవాళ్ళకే నగరంలో చోటు.

ప్రతిభ లేక తిరిగి వెళ్ళిపోయినవాళ్ళకంటే ఈ నమ్మకం వల్ల వెళ్ళిపోయినవాళ్ళనే నేను ఎక్కువ చూశాను. "ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంది, చాలదా?" అని అడుగుతారు. లెక్క వేద్దాం. మొదటి నెల గది వెతుక్కోవడానికీ దారులు తెలియడానికీ పోతుంది. గది అడ్వాన్సు, పరుపు, గిన్నెలు, నెట్ కనెక్షన్ కలిసి ఆరు నెలల డబ్బును అప్పుడే అయిదుకు దించేస్తాయి. రెండో నెలంతా మెయిళ్ళు పెట్టడం, కలవడం. మూడో నెలలో మొదటి పని దొరికిందే అనుకుందాం, అది మంచి అదృష్టమే. రఫ్‌లు (తొలి చిత్తు బొమ్మలు), రివిజన్లు (వాళ్ళు అడిగే మార్పులు), ఫైనల్ అయ్యేసరికి నాలుగో నెల. బిల్లు అప్పుడు పెడతారు. బిల్లు అందిన 30 రోజులకో 60 రోజులకో చెల్లించడం మా రంగంలో మామూలు, కొన్నిచోట్ల 90. బొమ్మ అచ్చయ్యాకే రోజులు లెక్కపెట్టే పత్రికలూ ఉన్నాయి. అంటే మీ మొదటి సంపాదన చేతికి వచ్చేనాటికి దాచుకున్నది అయిపోయి ఉంటుంది. మీ బొమ్మ బాగున్నా ఇంతే, బాగోకపోయినా ఇంతే.

డబ్బు అయిపోవడం కంటే దాని ముందు వచ్చే భయం ఎక్కువ నష్టం చేస్తుంది. అయిదో నెలలో ఉన్నవాళ్ళు కాంట్రాక్టు చదవరు. "అన్ని హక్కులూ, శాశ్వతంగా" అన్న లైను కింద సంతకం పెట్టేస్తారు. రివిజన్లు ఎన్నో అడగరు, అడ్వాన్సు అడగరు. నేను కొన్నిసార్లు ఫోన్ చేసి, "ఈ రేటుకి ఒప్పుకోవద్దమ్మా" అని చెప్పాల్సి వచ్చింది. అద్దె కట్టాల్సిన తేదీ దగ్గరపడితే ఎవరు మాత్రం వద్దనగలరు?

నేనూ అలాగే వచ్చాను. నాలుగో నెలలో ఒక క్లయింటుకి నలభై బొమ్మల సెట్టు వేసి, హక్కులన్నీ రాసిచ్చేశాను. ఆ బొమ్మలు తర్వాత ఏళ్ళ తరబడి ఎక్కడెక్కడో కనిపిస్తూ ఉండేవి. నాకు ఒక్క రూపాయి రాలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధే. ఆ తర్వాత ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ఫైళ్ళు సరిచూసే ఉద్యోగంలో చేరాను. బ్లీడ్ (కాగితం కోసే గీత దాటి బొమ్మను కాస్త పొడిగించడం) వదిలారా, అచ్చు రంగులకు బదులు తెర రంగులైన ఆర్‌జీబీలో పంపేశారా, చిన్న అక్షరాలకు నాలుగు సిరాలు కలిపిన నలుపు వాడారా అని రోజంతా చూడటమే పని. స్నేహితులకు చెప్పుకోవడానికి మొదట్లో మనసొప్పలేదు. కానీ తెరమీద మెరిసే నీలం కాగితం మీద ఎందుకు చచ్చిపోతుందో అక్కడే తెలిసింది. పొద్దున్నే రెండు గంటలు నా బొమ్మలు నేను వేసుకునేదాన్ని. ఆ మూడేళ్ళలో వేసినవాటితోనే నాకు మొదటి పుస్తకం పని వచ్చింది.

నా మాట చాలకపోతే వీళ్ళను చూడండి. కవి టి.ఎస్. ఎలియట్ 1917 నుంచి 1925 దాకా లండన్‌లో బ్యాంకు ఉద్యోగి. ఆయనకు అన్నింటికంటే పేరు తెచ్చిన దీర్ఘకవిత 1922లో, ఆ ఉద్యోగంలో ఉండగానే అచ్చయింది. సంగీతకారుడు ఫిలిప్ గ్లాస్ న్యూయార్క్‌లో ప్లంబింగ్ పనులు చేశాడు, టాక్సీ నడిపాడు. 1976లో ఆయన ఆపెరాను మెట్రోపాలిటన్ ఆపెరా హౌస్‌లో ప్రదర్శించాక కూడా మళ్ళీ టాక్సీ నడిపాడు. సంగీతంతోనే బతకగలిగేసరికి ఆయనకు నలభై దాటాయి.

అయితే ఏ ఉద్యోగమైనా పరవాలేదని నేను అనను. రచయిత ఫ్రాంజ్ కాఫ్కా ప్రాగ్‌లో ఒక బీమా కంపెనీలో చేరి, సాయంత్రం దాకా సాగే పని రాతకు తీరిక ఇవ్వడం లేదని ఏడాది కూడా కాకుండానే మానేశాడు. 1908లో ప్రాగ్‌లోనే కార్మికుల ప్రమాద బీమా సంస్థలో చేరాడు. అక్కడ మధ్యాహ్నం 2 గంటలకు పని అయిపోయేది. మీరు చూసుకోవాల్సిందీ అదే: వేళలు స్థిరంగా ఉండాలి, పని ఇంటికి వెంట రాకూడదు. రోజంతా వేరేవాళ్ళ డిజైన్లు చేసి, రాత్రికి సొంత బొమ్మ గీసే ఓపిక లేదని ఏడ్చినవాళ్ళూ నాకు తెలుసు. అలాంటివాళ్ళకు క్లినిక్ రిసెప్షనే నయం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: రిజిస్ట్రేషన్ ఫీజు కడితే పెద్ద ప్రాజెక్టులు ఇస్తారు.
పని ఇచ్చేవాళ్ళు మీకు డబ్బిస్తారు, మీ దగ్గర తీసుకోరు. "మా ఫ్రెండ్‌కి నిజంగానే ఇచ్చారట" అని దయచేసి నాకు ఫార్వర్డ్‌లు పంపకండి. ఆ ఫ్రెండ్‌ను ఇంతవరకూ ఎవరూ నా ముందుకు తీసుకురాలేదు.

అపోహ: పోర్ట్‌ఫోలియో చూపిస్తే ఐడియా కొట్టేస్తారు.
ఐడియాకు కాపీరైట్ ఎక్కడా లేదు, గీసిన బొమ్మకు ఉంది. కాపీరైట్ గురించి దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో ఆ హక్కు రిజిస్టర్ చేయకుండానే వస్తుంది. తేదీలున్న ఒరిజినల్ ఫైళ్ళు దాచుకోండి, చిన్న సైజులో పంపండి. దాచిపెట్టిన బొమ్మకు పని రాదు.

అపోహ: దగ్గరివాళ్ళెవరూ లేకపోతే ఈ ఊళ్ళో పని దొరకదు.
మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో అచ్చయిన పరిశోధనలో, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను అడిగాడు. ఆ మనిషిని తరచూ కలుస్తుంటామని చెప్పింది 16.7 శాతమే. 55.6 శాతం మంది అప్పుడప్పుడూ అన్నారు, 27.8 శాతం మంది ఎప్పుడో గానీ కలవమన్నారు. మీ ఆప్తులకు తెలిసినవి మీకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు ముఖపరిచయం ఉన్నవాళ్ళ దగ్గర ఉంటుంది. ప్రదర్శనలో ఒకసారి పలకరించినవాళ్ళకు మూడు నెలలకోసారి రెండు లైన్లు రాయడానికి మొహమాటపడకండి. నేనైతే అలాంటి మెయిల్ వస్తే సంతోషిస్తాను.

అపోహ: నెలలోపు స్నేహితులు దొరకలేదంటే ఈ ఊరు నాకు పడలేదు.
దీనికి కోపం రాదు, జాలేస్తుంది. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలనీ, ప్రాణస్నేహానికి 200 పైనే పడుతుందనీ కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో అంచనా వేశాడు. వారానికి రెండు గంటలు ఏదో స్కెచింగ్ బృందానికి వెళ్తే ఆ 50 గంటలకే 25 వారాలు. మూడో వారంలో, రాత్రి పదకొండింటికి "ఇక్కడ నాకెవరూ లేరు మేడమ్" అని మెసేజ్ పెట్టేవాళ్ళకు నేను ఈ లెక్క పంపి, శనివారం స్టూడియో తెరిచే ఉంటుంది, స్కెచ్‌బుక్ పట్టుకుని రమ్మంటాను.